మ్యాప్‌కి నిమిషాలే లెక్క: నాలుగేళ్లు వాడాక కారు స్క్రీన్ మీద నా సమీక్ష

కారు ఇంటికి వచ్చిన వారంలో రాసే సమీక్షలకు కొదవ లేదు. స్క్రీన్ ఎన్ని అంగుళాలు, ఫీచర్లు ఎన్ని, అంబియెంట్ లైట్ ఎన్ని రంగులు మారుస్తుంది, అన్నీ బ్రోచర్లోంచి దించేస్తారు. నాలుగేళ్లు దాటాక వాటిలో రోజూ ఏవి పనికొస్తున్నాయో చెప్పేవాళ్లే తక్కువ. నాది 2021 చివర్లో కొన్న ఆటోమేటిక్ కాంపాక్ట్ ఎస్‌యూవీ. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి, పండగలకీ పెళ్లిళ్లకీ భీమవరం దగ్గర మా ఊరికి తిప్పుతుంటాను. ఇంజిన్, మైలేజీల జోలికి వెళ్లను. కారు కంపెనీ పేరు, యాప్ పేరు కూడా చెప్పను. చెప్పినా తేడా ఉండదు, మా బంధువుల కార్లలోనూ ఇంచుమించు ఇదే తంతు.

ముందు కారుతో పాటు వచ్చిన నావిగేషన్. 10.25 అంగుళాల స్క్రీన్ మీద మ్యాప్ చూపించి, టాప్ మోడల్ తీసుకునేలా షోరూమ్ వాళ్లు మమ్మల్ని ఒప్పించింది ప్రధానంగా దీంతోనే. మొదట్లో బాగానే ఉంది. 2023 జనవరి 1న కొత్తగూడ ఫ్లైఓవర్ తెరిచారు. హఫీజ్‌పేట వైపు నుంచి ఆఫీసుకి వెళ్లే మాలాంటి వాళ్లకు అది పెద్ద ఊరట. మా కారు మ్యాప్‌కి మాత్రం ఆ సంగతి చాలా కాలం తెలియలేదు. నేను ఫ్లైఓవర్ మీద హాయిగా పోతుంటే స్క్రీన్లో బాణం కింద కొత్తగూడ జంక్షన్‌లో నిలబడి దారి మళ్లీ లెక్క వేసుకుంటూ ఉండేది. సర్వీస్ సెంటర్లో అడిగితే, అప్‌డేట్‌ని పెన్‌డ్రైవ్‌లోకి దింపుకుని కారులో పెట్టి, ఇంజిన్ ఆపకుండా చాలాసేపు కూర్చోవాలన్నారు. ఏడాదికి ఒకటి రెండు ఫ్లైఓవర్లు లేచే ఊళ్లో ఇలాంటి మ్యాప్ ఎవరికి కావాలి? దాన్ని తెరవడం మానేశాను. కొత్తగా కొనేవాళ్లు ఈ ఒక్క ఫీచర్ కోసం పై మోడల్‌కి వెళ్లొద్దు.

కాబట్టి అందరిలాగే నేనూ ఫోన్‌లోని మ్యాప్‌నే కారు స్క్రీన్ మీదకి తెచ్చుకుంటాను. వైర్‌లెస్‌గా కనెక్ట్ అవుతుందని గొప్పగా చెబుతారు, అవుతుంది కూడా. బ్లూటూత్ మీద పలకరించుకుని, తర్వాత వైఫై మీద నడుస్తుంది. ఫోన్ జేబులోంచి తీయక్కర్లేదు, చిన్న దూరాలకు సుఖమే. ఏప్రిల్, మే నెలల్లో అసలు కథ మొదలవుతుంది. గేర్ ముందు వైర్‌లెస్ చార్జింగ్ పలక ఉంటుంది. అద్దంలోంచి ఎండ సరిగ్గా దాని మీదే పడుతుంది. ఒకపక్క జీపీఎస్, ఒకపక్క వైఫై, కింద నుంచి చార్జింగ్, పైనుంచి ఎండ. సూర్యాపేట వచ్చేసరికి ఫోన్ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కి చార్జింగ్ ఆపేస్తుంది, మ్యాప్ నత్తనడక నడుస్తుంది. దూర ప్రయాణానికి కేబులే నయం. అది కూడా పొట్టిది, ఫోన్‌తో వచ్చిన అసలుదో, మంచి కంపెనీదో. కనెక్షన్ మాటిమాటికీ తెగిపోతుంటే కారుని తిట్టే ముందు ఫోన్ చార్జింగ్ రంధ్రంలోకి ఒకసారి లైటు వేసి చూడండి. జేబులోని నూలుపోగులు అడుగున ఉండకట్టి ఉంటాయి. ఫోన్ ఆపేసి, టూత్‌పిక్‌తో మెల్లగా తీస్తే సగం మందికి సమస్య అక్కడే తీరిపోతుంది.

ఇంకో చికాకు, ఇంట్లో రెండు ఫోన్లు ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. కారు స్టార్ట్ చేయగానే నా ఫోన్ కంటే ముందు మా ఆవిడ ఫోన్ వెళ్లి అతుక్కుంటుంది. అప్పటికే ఆవిడ వాళ్లమ్మగారితో మాట్లాడుతూ మెట్లు దిగుతుంటుంది. ఆ మాటలు ఉన్నట్టుండి కారు స్పీకర్లలోంచి, "ఆయనకి చెప్పినా ఒకటే చెప్పకపోయినా ఒకటే" అని, అదీ ఫుల్ వాల్యూమ్‌లో. సెట్టింగ్స్‌లో ఏ ఫోన్‌కి ముందు అవకాశం ఇవ్వాలో పెట్టుకునే చోటు ఉంది. కొన్న రోజే పెట్టేసుకోండి.

ఇక మ్యాప్ సంగతి. దాని మీద నాకు కోపం లేదు, అది లేని రోజుల్లో కొత్త ఏరియాకి వెళ్లాలంటే ఎంత టెన్షన్ పడేవాళ్లమో గుర్తుంది. కానీ హైదరాబాద్‌లో అడ్రస్ చెప్పే పద్ధతి వేరు. మెహిదీపట్నం నుంచి అత్తాపూర్ వైపు ఫంక్షన్ హాల్ ఎక్కడంటే పిల్లర్ నంబర్ చెబుతారు. వెళ్లేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: "పైనుంచా, కిందనుంచా?" ఆ పిల్లర్ల మీద పైన పోయే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు. పొరపాటున పైకెక్కితే, మధ్యలో దిగే ర్యాంపు కూడా పట్టుకోలేకపోతే, ఆరాంఘర్ దాకా వెళ్లి వెనక్కి రావాలి. ఆ సమయానికి యాప్ చెప్పేది "నేరుగా వెళ్లండి" అని. పైన నేరుగానా, కింద నేరుగానా? కొన్నిచోట్ల ఈ మధ్య ఫ్లైఓవర్ ఎక్కమనో వద్దనో ముందే చెబుతోంది, అది మంచి మార్పే. చెప్పని చోట్లు ఇంకా ఉన్నాయి.

తప్పంతా యాప్‌ది కూడా కాదు. ఆకాశం బాగా కనిపించే చోట కూడా మామూలు ఫోన్ జీపీఎస్‌లో ఐదు మీటర్ల దాకా తేడా ఉంటుంది. మెయిన్ రోడ్డుకీ సర్వీస్ రోడ్డుకీ మధ్య దూరమే అంత ఉండదు. పైగా ఉపగ్రహాల లెక్కలో ఎత్తు ఎప్పుడూ కొంచెం ఎక్కువ తడబాటుతోనే వస్తుంది. మనం పైన ఉన్నామో కింద ఉన్నామో అది ఊహించుకోవాల్సిందే. ఫ్లైఓవర్ కిందకి వెళితే పైనున్న కాంక్రీటు సిగ్నల్‌నే ఆపేస్తుంది, చుట్టూ ఉన్న అద్దాల బిల్డింగులకు తగిలి వచ్చిన సిగ్నల్ ఇంకో నాలుగడుగులు పక్కకి చూపిస్తుంది. అందుకే హైటెక్ సిటీలో మీ బాణం అప్పుడప్పుడూ ఎవరి ఆఫీసు లాబీలోనో నిలబడి ఉంటుంది.

నా అసలు ఫిర్యాదు వేరే. యాప్‌కి నిమిషాలే తెలుసు, రోడ్డు తెలియదు. మూడు నిమిషాలు కలిసొస్తాయంటే చాలు, విశాలమైన రోడ్డు మీంచి దింపి రెండు బైకులు ఎదురుపడితేనే ఇరుకయ్యే గల్లీలో దూరుస్తుంది. అక్కడ ఒక ఇంటి ముందు ఇసుక కుప్ప, దాని పక్కన నీళ్ల ట్యాంకర్, ఎదురుగా స్కూల్ బస్సు. వెనక్కి వెళ్దామంటే మన వెనకే అదే యాప్‌ని నమ్ముకుని వచ్చిన మరో ఆరు కార్లు. సైడ్ మిర్రర్లు మడుచుకుని, ఎవరో ఒకాయన దిగి "రా రా... ఆపు ఆపు" అని చెయ్యి ఊపితే తప్ప కదలని పరిస్థితి. గీత పడితే బంపర్ పెయింట్‌కి ఎంతవుతుందో ఆ మూడు నిమిషాల లెక్కలో ఉండదు.

విజయవాడ రోడ్డు మీద కూడా అంతే. కార్తీక మాసంలో ఊరికి వెళ్తుంటే చౌటుప్పల్ దగ్గర ముందు ట్రాఫిక్ ఉందని పక్క ఊళ్ల మీదుగా మళ్లించింది. రోడ్డు బాగానే ఉంది, నల్లగా, నున్నగా. కిలోమీటరు వెళ్లామో లేదో సగం రోడ్డు మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. కార్లు ఎక్కకుండా అంచు పొడుగునా తలకాయంత రాళ్లు వరసగా పేర్చారు. మిగిలిన సగంలో ఎదురుగా ట్రాక్టర్. పంట ఇంటికొచ్చే రోజుల్లో రైతు తప్పేం లేదు, ఆరబెట్టుకోవడానికి వాళ్లకి మాత్రం చోటేది? ఈ సంగతి మా నాన్నకి తెలుసు, వెనక సీట్లోంచి "హైవే వదలొద్దురా" అని మొదట్లోనే అన్నారు. యాప్‌కి మాత్రం నవంబరులో రోడ్డు సగమే ఉంటుందని ఎవరు చెబుతారు?

డెల్టాలో దిగాక ఇంకో రకం. అక్కడ కాలువ గట్లన్నీ మ్యాప్‌లో రోడ్లే. ఉండి దాటాక ఒక పెళ్లికి లొకేషన్ పెట్టుకుని వెళ్తే ఎడమకి తిరగమంది, తిరిగాం. కాసేపటికి ఒకపక్క కాలువ, ఇంకోపక్క చేపల చెరువు, మధ్యలో కారు వెడల్పు మట్టి గట్టు. సైకిల్ మీద వస్తున్న పెద్దాయన దిగి నిలబడ్డారు.

"ఫోను ఇటే పంపిందాండి?"

"అవునండి. ముందుకి దారుందాండి?"

"మోటారు సైకిలుకైతే ఉందండి. పొద్దున్న ఓ కారు ఇలాగే వచ్చి వెనక్కెళ్లిందండి. అదిగో, ఆ కొబ్బరిచెట్టు దగ్గర తిప్పుకోవడానికి చోటుందండి."

ఆయన చెప్పిన చోట మట్టిలో అంతకుముందు కారు తిప్పిన టైరు గుర్తులు కూడా ఉన్నాయి. పెళ్లి లొకేషన్ పంపేవాళ్లకు ఒక్క మనవి. మీరు ఫంక్షన్ హాల్ గేటు ముందు నిలబడి అప్పుడు పంపండి. ఇంట్లో కూర్చుని మ్యాప్‌లో వేలితో గుచ్చి పంపితే వంద కార్లు చెరువు గట్టు మీదకి వస్తాయి.

వానాకాలంలో మాత్రం ఇది నవ్వుకునే విషయం కాదు. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారి కొల్లేరు పొంగినప్పుడు మునుగుతుంది. యాప్ ట్రాఫిక్ చూసేది ఆ రోడ్డు మీద కదులుతున్న ఫోన్లను బట్టి. రోడ్డు మునిగితే అక్కడ బండ్లూ ఉండవు, ఫోన్లూ ఉండవు. మూసేశారన్న సమాచారం దానికి చేరేదాకా ఆ దారి ఖాళీగా ఉన్నట్టే లెక్క. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారే మునిగింది. అలాంటి రోజున బయల్దేరేముందు ఆ దారిలో ఉన్న చుట్టాలకు ఫోన్ చేయడం, టీవీలో స్క్రోలింగ్ చూడడం కంటే మంచి నావిగేషన్ లేదు.

ఇప్పుడు నేను వాడే తీరు ఇది. దారి నేను ఎంచుకుంటాను, మ్యాప్‌ని ట్రాఫిక్ ఎంత ఉందో చూడడానికీ ఎన్నింటికి చేరతామో తెలుసుకోవడానికీ ఉంచుకుంటాను. ఇంటి దగ్గర ఆగి ఉన్నప్పుడే మొత్తం దారి ఒకసారి వేలితో జరిపి చూస్తాను. సన్నగా వంకర్లు తిరిగిన గీత కనిపిస్తే మధ్యలో పెద్ద రోడ్డు మీది ఒక ఊరిని స్టాప్‌గా పెట్టేస్తాను, అప్పుడు బుద్ధిగా ఆ ఊరి మీదుగానే తీసుకెళ్తుంది. మియాపూర్ నుంచి విజయవాడ వెళ్లాలంటే ఊళ్లోంచి ఎల్బీనగర్ మీదుగా వెళ్లమంటుంది ఒక్కోసారి, మేము మాత్రం ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర, 11వ ఎగ్జిట్‌లో దిగుతాం. కిలోమీటర్లు ఎక్కువే, టోల్ కూడా. "పోతే పోయింది టోలు, సిగ్నళ్ల దగ్గర మీ మొహం చూడలేను" అంటుంది మా ఆవిడ.

బీప్‌ల గురించి కొంచెం. 2019 జులై 1 తర్వాత తయారైన కార్లన్నిటికీ 80 దాటితే హెచ్చరిక, 120 దాటితే ఆగకుండా మోత తప్పనిసరి చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ ఓఆర్ఆర్ మీద డివైడర్ పక్క వరుసల్లో 120 దాకా వెళ్లొచ్చని ఉంటుంది, కారు మాత్రం 80 నుంచే సన్నగా సణగడం మొదలుపెడుతుంది. తప్పయినప్పుడూ, తప్పు కానప్పుడూ ఒకేలా మోగితే చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, నాకు అదే భయం. సీట్ బెల్ట్ బీప్ ఇంకో వేషం. పక్క సీట్లో పుచ్చకాయ పెడితే దానికీ బెల్ట్ పెట్టమంటుంది. పెట్టాను కూడా, ఉయ్యూరు నుంచి ఇంటిదాకా. మోతా ఆగింది, కాయ కూడా కదలకుండా వచ్చింది.

బటన్ల విషయంలో నా కారు అదృష్టవంతురాలు. ఏసీకి గుండ్రటి నాబ్‌లు ఉన్నాయి, చూడకుండా తిప్పొచ్చు. ఈ మధ్య బావమరిది కొన్న కొత్త మోడల్‌లో ఏసీ మొత్తం స్క్రీన్‌లోకి వెళ్లిపోయింది. ఫ్యాన్ తగ్గించాలంటే మ్యాప్ మూయాలి, మెనూ తెరవాలి, గతుకుల్లో వేలు ఒకచోట పెడితే ఇంకోచోట పడుతుంది. యూరప్‌లో కార్లకు భద్రతా స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్, అత్యవసర కాల్ లాంటి వాటికి చేతికి తగిలే బటన్లు ఉంటేనే పూర్తి మార్కులంటోంది. మన దగ్గర షోరూముల్లో స్క్రీన్ సైజు చూసి మురిసిపోతున్నాం. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు కదులుతున్న కారులో, కళ్లు రోడ్డు మీదే ఉంచి, అద్దం మీది ఆవిరి పోగొట్టే బటన్ వెతకండి. దొరక్కపోతే ఆ కారు గురించి ఇంకోసారి ఆలోచించండి.

ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా విసుగు తెప్పించనిది రివర్స్ కెమెరా ఒక్కటే. అపార్ట్‌మెంట్ సెల్లార్లో రెండు పిల్లర్ల మధ్య పార్క్ చేసేవాళ్లకు దాని విలువ తెలుసు. వానాకాలంలో లెన్స్ మీద బురద పడుతుంది, డోర్‌లో ఒక మెత్తటి గుడ్డ ఉంచుకుంటే చాలు.

చివరగా కనెక్టెడ్ సర్వీస్. ఫోన్ నుంచే ఏసీ వేయడం, కారు ఎక్కడుందో చూడడం, ఇంకా పేరు కూడా గుర్తులేని యాభై పనులు. మొదటి మూడేళ్లు ఉచితం, తర్వాత ఏటా డబ్బు కట్టాలి. ఉచితంగా ఉన్నన్నాళ్లూ నేను వాడింది ఒక్కటే, మే నెల మధ్యాహ్నం ఆఫీసు పార్కింగ్‌లో ఎండకి కాలిపోతున్న కారులో ముందే ఏసీ ఆన్ చేసుకోవడం. గడువు అయ్యాక రెన్యువల్ కోసం కాల్ సెంటర్ అమ్మాయి వారం వారం ఫోన్ చేసేది. వేసవి మూడు నెలలకే కట్టొచ్చా అమ్మా అని అడిగాను. "అలా లేదు సార్, ఏడాదికే" అంది. వద్దన్నాను. ఇప్పుడు కారు తలుపులు నాలుగూ తీసి, రెండు నిమిషాలు బయట నిలబడి, అప్పుడు ఎక్కుతున్నాను.