కెగెల్ వ్యాయామం నేర్పడం: మాటతోనా, వేలి పరీక్షతోనా, యంత్రంతోనా?

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బరువెత్తినప్పుడు మూత్రం జారే స్త్రీకి మొదటి చికిత్స కటి కండరాల వ్యాయామమే, అంటే మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కండరాలను బిగించి వదిలే కెగెల్ వ్యాయామం. ఇందులో వాదం లేదు. ఎలా నేర్పాలన్న దగ్గరే ఒక్కో చోట ఒక్కో పద్ధతి కనిపిస్తుంది.

ఎక్కువమందికి అందేది మాటే. "మూత్రం ఆపుకున్నట్టు బిగించండి, రోజూ చేయండి" అని చెప్పి, ఒక కాగితం చేతికిచ్చి పంపేస్తారు. రెండు నిమిషాల పని. 1991లో అమెరికాలో 47 మంది స్త్రీలకు ఇలా క్లుప్తంగా నోటితో చెప్పి పరీక్షిస్తే, సరిగ్గా బిగించినవారు దాదాపు సగం మందే. నాలుగో వంతు మంది చేసిన తీరు మూత్రం జారడాన్ని ఇంకా పెంచేలా ఉంది. అంటే వాళ్లు పైకి లాగడానికి బదులు ముక్కుతున్నారు. ముక్కితే కడుపులోని ఒత్తిడంతా కిందికి దిగి, మూత్రనాళానికి ఆసరాగా నిలవాల్సిన కండరాన్నే కిందికి నెడుతుంది. ఇలా మూడు నెలలు శ్రద్ధగా చేసిన మనిషి "నాకు వ్యాయామం పనిచేయలేదు" అంటుంది. తప్పు ఆమెది కాదు, నేర్పిన తీరుది.

మాటతోనే నేర్పక తప్పదంటే ఆ మాటైనా మార్చాలి. "గ్యాస్ బయటికి రాకుండా వెనక బిగించండి, ఆ బిగింపును ముందుకు మూత్రద్వారం దాకా తెచ్చి లోపలికి, పైకి లాగండి, ఊపిరి ఆపకండి" అంటే చాలామందికి కండరం దొరుకుతుంది. పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని రోజువారీ వ్యాయామంగా చెప్పకండి. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోవచ్చు.

మా ఓటు వేలి పరీక్షకే. ఎందుకు చేస్తున్నామో వివరించి, ఆమె ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. ఎప్పుడు వద్దన్నా ఆపేస్తామని ముందే చెప్పాలి. మూత్రం పోసి వచ్చి, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి. గ్లవ్ వేసుకున్న ఒక వేలికి జెల్ రాసి యోనిలోకి మూడు, నాలుగు సెంటీమీటర్లు పోనిచ్చి, గడియారంలో నాలుగు, ఎనిమిది గంటలు ఉండే దిక్కున ఆనిస్తే కండరం తెలుస్తుంది. సరిగ్గా బిగిస్తే వేలి చుట్టూ పట్టు బిగుస్తుంది, వేలు లోపలికి లాగినట్టు అవుతుంది. బయటికి నెడుతుంటే ముక్కుతున్నట్టే. అప్పటికప్పుడే సరిదిద్దవచ్చు.

పట్టు బలాన్ని ఆక్స్‌ఫర్డ్ స్కేలు మీద 0 (బిగింపే లేదు) నుంచి 5 (గట్టి పట్టు) దాకా రాసుకుంటారు. దానికన్నా ఉపయోగపడే లెక్కలు రెండున్నాయి: ఎన్ని సెకన్లు పట్టి ఉంచగలదు, అలసిపోయేలోపు ఎన్నిసార్లు చేయగలదు. మూడు సెకన్ల చొప్పున నాలుగుసార్లే చేయగలిగితే ఇంటి వ్యాయామం అక్కడే మొదలవ్వాలి. కాగితంలో పది సెకన్లని రాసి ఉంటుంది. ఆమె అది అందుకోలేక పొట్టను, తొడలను అరువు తెచ్చుకుంటుంది. బిగించాక పూర్తిగా వదులుతోందో లేదో తెలిసేది కూడా ఈ పరీక్షలోనే. వదలడమే రాని స్త్రీకి, తాకితే నొప్పి ఉన్న స్త్రీకి ముందు నేర్పాల్సింది సడలించడం; బిగింపు తర్వాత.

పరీక్ష వద్దనుకునేవారిని బలవంతపెట్టకూడదు. చుట్టిన తువాలు మీద కూర్చుని బిగిస్తే కండరం దాని మీద నుంచి పైకి లేచినట్టు తెలియాలి. అద్దంలో చూసుకోవచ్చు, లేదా తన వేలితో తానే చూసుకోవచ్చు. పొట్ట మీద నుంచి చేసే అల్ట్రాసౌండ్‌లోనూ మూత్రాశయం అడుగు పైకి లేవడం కనిపిస్తుంది.

బయోఫీడ్‌బ్యాక్ యంత్రంలో, యోనిలో పెట్టిన ప్రోబ్ (కొలిచే చిన్న సాధనం) బిగింపును తెర మీద గీతగా చూపిస్తుంది. చూడ్డానికి ఇదే అన్నిటికన్నా మేలైనదిగా అనిపిస్తుంది. కానీ బ్రిటన్‌లో 600 మంది స్త్రీలతో చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో, వ్యాయామానికి ఈ యంత్రం తోడైనవారికీ, వ్యాయామం మాత్రమే చేసినవారికీ రెండేళ్ల తర్వాత చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా ఒత్తిడిని కొలిచే ప్రోబ్ ముక్కినా గీతను పైకే చూపిస్తుంది. పక్కన చూసేవారు లేకపోతే తప్పు పద్ధతికే తెర మెచ్చుకోలు దొరుకుతుంది. కండరం ఎక్కడుందో ఎంతకీ తెలియని స్త్రీకి కొన్నాళ్లు వాడితే మంచిదే, అందరికీ అక్కర్లేదు. చిన్నపాటి కరెంటుతో కండరాన్ని బిగింపజేసే విద్యుత్ ప్రేరణ కూడా అంతే: అసలు బిగించలేని వారికి పరిశీలించవచ్చు. గర్భిణులకు, పేస్‌మేకర్ ఉన్నవారికి వద్దు.

ఒక్కొక్కరికీ విడిగా నేర్పాలా, గుంపుగానా? కెనడాలో 60 ఏళ్లు, ఆపై వయసున్న 362 మందితో చేసిన పరీక్షలో ఏడాది తర్వాత మూత్రం జారడం గుంపులో 74 శాతం, విడిగా నేర్చుకున్నవారిలో 70 శాతం తగ్గింది. అంటే గుంపు తీసిపోలేదు. అయితే అక్కడ గుంపులో చేర్చే ముందు ప్రతి ఒక్కరికీ విడిగా బిగింపు నేర్పారన్నది మరవకూడదు. ఆ మొదటి విడి పాఠం లేకుండా ముప్పైమందిని కూర్చోబెట్టి "బిగించండి, వదలండి" అంటే అది నోటిమాటే, గొంతు కాస్త పెద్దదైందంతే.

ఎలా నేర్చుకున్నా, ఎక్కడ మొదలుపెట్టినా చేరాల్సిన మోతాదు ఒకటే: పూటకు కనీసం 8 బిగింపులు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. ఎంత సేపు బిగిస్తే, ఆ తర్వాత అంత సేపూ వదిలి ఉంచాలి. ఆ తర్వాత కొన్ని చకచకా బిగించి వదిలేవి. మొదట పడుకుని, పట్టు వచ్చాక కూర్చుని, నిలబడి. దగ్గు రాబోతోందనగానే ముందే బిగించి, అయ్యేదాకా పట్టి ఉంచడం మొదటి వారంలోనే నేర్పండి. కండరం బలపడకముందే దీనివల్ల బట్టలు తడవడం తగ్గవచ్చు.

మూడు నెలలకూ తేడా కనిపించకపోతే ముందు బిగింపును మళ్లీ వేలితో చూడాలి. అది సరిగ్గానే ఉంటే అప్పుడు డాక్టర్ దగ్గరికి. మూత్రంలో రక్తం పడుతున్నా, మూత్రం పూర్తిగా రాకపోయినా, యోనిలోంచి ఏదో బయటికి జారినట్టున్నా ఆ మూడు నెలలూ ఆగకూడదు.