తడిపి చూడాల్సిన ఈకలు: తొమ్మిది చలికాలాల తర్వాత

నల్ల మారబూ ఈకతో కట్టిన ఫ్లై (గాలానికి ఈకలు చుట్టి చేసే ఎర) నా బల్ల మీద ఉన్నంతసేపూ కోపం వచ్చిన పిల్లి తోకలా ఉబ్బి ఉంటుంది. స్కైకోమిష్ నదిలో ముంచితే అదే పెన్సిల్ అంత సన్నబడుతుంది. ప్రవాహం తగిలాక కొంచెం విచ్చుకుంటుంది, ముడుచుకుంటుంది, మళ్ళీ విచ్చుకుంటుంది. సియాటిల్ పక్కన ఉంటూ తొమ్మిది చలికాలాలుగా స్టీల్‌హెడ్ చేపల కోసం ఈకలతో ఫ్లైలు కట్టుకుంటున్నాను. మొదటి నాలుగేళ్ళు ఈకలను పొడిగా, దీపం వెలుగులో చూసి, మురిసిపోయి కొన్నాను. ఆ డబ్బులో సగం దండగ. ఇప్పుడు ఏ ఈక కొన్నా ముందు ఒకటి గ్లాసు నీళ్ళలో ముంచి, చెంచాతో తిప్పి చూస్తాను. తడిసి ముద్దయిపోతే ఆ రకం మళ్ళీ కొనను.

స్టీల్‌హెడ్ అంటే రెయిన్‌బో ట్రౌట్ చేపే. నదిలో పుట్టి, సముద్రానికి వెళ్ళి పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి నదికి వస్తుంది. వచ్చాక పెద్దగా మేత ముట్టదు. దానికి ఎర చూపించడమంటే పెళ్ళిభోజనం చేసి వచ్చినవాడి ముందు ఉప్మా పెట్టడమే. పైగా చలికాలంలో నీళ్ళు నాలుగైదు డిగ్రీల దగ్గర ఉంటే చేప దూరం వెంటపడదు. అందుకని ఫ్లై మెల్లగా పోతూనే బతికున్నట్టు కదలాలి. ఈక చేయాల్సిన పని అది. వెయ్యి విసుర్లకు ఒక చేప అని ఇక్కడివాళ్ళు అంటుంటారు. నాకు ఇన్నేళ్ళలో దక్కినవి 14. కాబట్టి నా తీర్పులను ఆ లెక్కలోనే తీసుకోండి.

మారబూ అన్న పేరు కొంగజాతి పక్షిది, ఇప్పుడు దొరికేది మాత్రం టర్కీ కోడి నూగు. పొట్లం చవక. కాని పొట్లంలో సగం ఈకలకు ఈనె లావుగా ఉంటుంది, గాలానికి చుట్టబోతే విరుగుతుంది. సన్నటి ఈనె, పొడవాటి పోగులు ఉన్నవాటిని ఏరుకుని, కొన దగ్గర దారంతో కట్టి, తడి వేళ్ళతో పోగులను వెనక్కి దువ్వుతూ చుట్టాలి. రెండు చుట్లు చాలు. నేను మొదట్లో నాలుగైదు చుట్టేవాణ్ణి. అది నీళ్ళలో తడిసిన దూదిలా ఉండేది. ముందువైపు ఒక్క చుట్టు గినీ కోడి ఈక వేస్తే, దాని బిరుసు పోగులు మారబూ పూర్తిగా వాలిపోకుండా ఆపుతాయి. నా 14 చేపల్లో 9 ఈ జోడీకే పడ్డాయి. అయితే నేను ఎక్కువగా వాడేదీ అదే కనుక ఆ అంకె చూసి మోసపోవద్దు.

కోడిపుంజు ఈకల విషయంలో నాకు కొంచెం పక్షపాతం ఉంది. మాది భీమవరం వైపు. కాకి, డేగ, సేతువ అంటూ పుంజుల రంగులు చూస్తూ పెరిగినవాణ్ణి. ఇక్కడ దుకాణంలో గ్రిజ్లీ అని అమ్మే నలుపు తెలుపు ఈకలు మొదటిసారి చూసి, అసంకల్పితంగా పర్ల అన్నాను. చారల తీరు అచ్చంగా అది కాదు, అయినా నోరు ఆగలేదు. స్టీల్‌హెడ్‌కు మెడ ఈకల కంటే తోక మొదట్లో పెరిగే పొడవాటి మెత్తని ఈక నయం. దాన్ని ష్లాపెన్ అంటారు. మన్నికలో దీనికి సాటి లేదు. పైన సన్నటి తీగను ఎదురు దిశలో చుట్టి బిగిస్తే ఒకే ఫ్లై రెండు చలికాలాలు వస్తుంది. మారబూ ఒక్క చేప నోట్లో పడితే సగం ఊడిపోతుంది.

స్కాట్లండ్‌లోని స్పే నది పద్ధతి ఫ్లైలకు ఒకప్పుడు హెరాన్ ఈకలు వాడేవారు. ఆ పద్ధతిని ఈ ప్రాంతపు స్టీల్‌హెడ్‌కు తెచ్చినవారిలో ముఖ్యుడు మా వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫోర్క్స్ ఊళ్ళో బడిపంతులుగా పనిచేసిన సిడ్ గ్లాసో. ఆయన ఫ్లై ఆరెంజ్ హెరాన్‌ను ఇప్పటికీ కడుతున్నారు, హెరాన్ ఈక లేకుండా. మన నారాయణ పక్షికి దగ్గరి బంధువైన ఇక్కడి హెరాన్ 1918 నాటి అమెరికా వలస పక్షుల చట్టం కింద రక్షితం. రాలిన ఈకను ఇంటికి తెచ్చుకున్నా నేరమే. ఒడ్డున బూడిదరంగు ఈక పడి ఉంటే చూసి, దాటి వెళ్ళిపోతాను. బదులుగా వాడే నల్ల రంగు వేసిన నెమలికోడి (ఫెజంట్) నడుము ఈక మంచిదే కాని పొట్టి. ఈనె పెళుసు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి చుడితే విరగదని తెలిసేలోపు ఒక పొట్లం చెత్తబుట్టలో పడింది.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోసింది అడవి కోడి మెడ ఈకలకు. మెడ మొత్తం వంద డాలర్ల పైమాటే. ఈక మీద మైనపు చుక్కలా మెరిసే మచ్చ ఉంటుంది, ఫ్లైకి రెండు పక్కలా కళ్ళలా పెడతారు. ఈ బూడిదరంగు అడవి కోడి మన దక్కన్ పక్షి. మొత్తం మీద గోదావరికి దక్షిణాన ఇది, ఉత్తరాన ఎర్ర అడవి కోడి. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని కాపాడుతోంది, ఇక్కడ నేను కొన్నది పెంపకపు పక్షిది. కట్టిన ఫ్లై చూస్తే దిష్టి తీయాలనిపిస్తుంది. చేపకు మాత్రం ఏ తేడా లేదు. ఆ మచ్చలు చీలిపోతుంటాయి కూడా, వార్నిష్ చుక్కతో అతికించుకోవాలి. మళ్ళీ కొనను. మా అమ్మ ఫోనులో “నెమలీకలు ఇక్కడ బోలెడు దొరుకుతాయి కదరా, పంపనా?” అంటుంది. నెమలీకల ఎగుమతి నిషిద్ధమని ఏటా చెబుతాను, ఏటా అడుగుతుంది.

కష్టాల సంగతి. మూడో ఏడు పాత సామాన్ల అమ్మకంలో ఒక పెట్టె ఈకలు చవకగా కొన్నాను. వాటిలో చిమ్మట గుడ్లున్నాయి. వేసవి చివరికి నా సొంత ఈకల్లో మూడొంతులు ఉత్త ఈనెలే మిగిలాయి. అప్పటి నుంచి కొత్తగా ఏది వచ్చినా జిప్ సంచిలో పెట్టి రెండు వారాలు ఫ్రీజర్‌లో, కొబ్బరి తురుము పక్కన. ఈ ఏర్పాటుకు మా ఆవిడ ఒప్పుకోలేదు, ఊరుకుందంతే. రంగు కూడా వదులుతుంది. నారింజరంగు మారబూ కట్టిన మర్నాడు ఆఫీసులో నా వేళ్ళు ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్నట్టున్నాయి. కట్టేముందు వెనిగర్ కలిపిన నీళ్ళలో జాడిస్తే కొంత తగ్గుతుంది. తడి ఫ్లైలను పెట్టెలో మూసేస్తే గాలం తుప్పు పట్టి, తుప్పు ఈకకు అంటుతుంది. కారులో అద్దం దగ్గర ఆరబెట్టుకుని ఇంటికి వస్తాను.

కృత్రిమ పోగులకు ఈ బాధలేవీ లేవు. నీళ్ళు పీల్చవు, పురుగు పట్టవు. నది బురదగా, ఉధృతంగా ఉన్న రోజున ఆకారం చెదరని పెద్ద ఫ్లై కావాలంటే నేనూ అవే వాడతాను. నీరు పచ్చగా తేరుకుని, నడకంత వేగంతో పారే చోట మాత్రం అవి చీపురు పుల్లల్లా కనిపిస్తాయి నాకు.

ఈ శరత్తుకు నల్ల మారబూ మూడు పొట్లాలు, గినీ కోడి ఒకటి తెప్పించాను. ఫ్రీజర్‌లో ఉన్నాయి, వచ్చే ఆదివారం తీయాలి.