ఎవరు వెళ్లారు, ఎవరు వచ్చారు: అయోవాలోని ఒక ప్రాంతీయ విద్యా సేవా సంస్థ సిబ్బంది సమాచారంపై సమీక్ష

అయోవా రాష్ట్రంలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఏరియా ఎడ్యుకేషన్ ఏజెన్సీ అన్న పేరు సాధారణంగా పిల్లలకు మాటలు ఆలస్యమైనప్పుడో, వినికిడి పరీక్షలో తేడా కనిపించినప్పుడో, బడిలో టీచరు పిలిచి చదువులో వెనకబడుతున్నాడని చెప్పినప్పుడో మొదటిసారి చెవిన పడుతుంది. అందరూ ఏఈఏ అని పిలిచే ఈ సంస్థల ఏర్పాటుకు రాష్ట్ర చట్టసభ 1974లో చట్టం చేసింది. మరుసటి ఏడాది జులైలో అవి పని మొదలుపెట్టాయి. అప్పట్లో 15 ఉండేవి, కాలక్రమంలో కొన్ని విలీనమై ఇప్పుడు 9 మిగిలాయి. స్పీచ్ థెరపిస్టును గానీ, ఆడియాలజిస్టును గానీ, స్కూల్ సైకాలజిస్టును గానీ సొంతంగా నియమించుకోలేని చిన్న స్కూల్ డిస్ట్రిక్టుల్లోని పిల్లలకు కూడా పెద్ద పట్టణాల పిల్లలకు దొరికే సాయమే దొరకాలన్నది వీటి ఉద్దేశం. ఇలాంటి సంస్థలు వేరే పేర్లతో చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. టెక్సాస్‌లో 20 ఎడ్యుకేషన్ సర్వీస్ సెంటర్లు, పెన్సిల్వేనియాలో 29 ఇంటర్మీడియట్ యూనిట్లు, జార్జియాలో రీసా అని పిలిచే 16 ప్రాంతీయ సంస్థలు ఇదే తరహా పని చేస్తున్నాయి కాబట్టి, ఆ రాష్ట్రాల్లో ఉన్న తెలుగువారికి కూడా ఈ సమీక్షలోని విషయాలు కొంతవరకు వర్తిస్తాయి.

సంస్థ చేసే పనులన్నింటినీ ఇక్కడ తూకం వేయబోవడం లేదు. తన సిబ్బందిలో జరిగే మార్పులను అది కుటుంబాలకు తెలియజేసే పద్ధతిని మాత్రమే పరిశీలిస్తున్నాను. ఆ సమాచారం మాకు మూడు దారుల్లో వస్తుంది: నెలకోసారి ఈమెయిల్‌లో వచ్చే వార్తాపత్రం, వెబ్‌సైట్‌లోని స్టాఫ్ డైరెక్టరీ, అవసరమైనప్పుడు ఇంటికి వచ్చే ఉత్తరం. మా ప్రాంతం ఏదో, సంస్థ పేరేమిటో రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపం వ్యక్తులది కాదు, పద్ధతిది. ఆ పద్ధతిని మార్చడం కష్టమేమీ కాదని నా నమ్మకం.

సిబ్బంది వార్తలకు ఇంత ప్రాధాన్యం ఎందుకని కొందరు అడగవచ్చు. బ్యాంకులోనో పోస్టాఫీసులోనో కౌంటరు దగ్గరి మనిషి మారితే మన పని ఆగదు. మాటలు నేర్పే మనిషి మారినప్పుడు మాత్రం ఆ బిడ్డకు అందే సేవే మారుతుంది. మా అబ్బాయికి రెండేళ్లు నిండకముందే ఎర్లీ యాక్సెస్ కింద సాయం మొదలైంది. ప్రత్యేక విద్యకు సంబంధించి ఐడియా అని పిలిచే సమాఖ్య చట్టంలోని పార్ట్ సి ప్రకారం, మూడేళ్ల లోపు పిల్లల్లో ఎదుగుదల ఆలస్యమైతే నిపుణులు ఇంటికే వచ్చి సాయం చేసే కార్యక్రమం ఇది. బిడ్డ గురించి కబురు అందిన 45 రోజుల్లోగా పరీక్షలు పూర్తిచేసి, కుటుంబంతో కూర్చుని ప్రణాళిక సిద్ధం చేయాలి. మా విషయంలో ఆ గడువు తప్పలేదు, మేము దానికి ఏమీ చెల్లించలేదు కూడా.

మా ఇంటికి వచ్చిన స్పీచ్ థెరపిస్టు గారు మొదటి రోజే ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారని అడిగారు. తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమంటారేమోనని మా అత్తగారు భయపడుతూ కూర్చున్నారు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావని, బామ్మ తనకు బాగా వచ్చిన భాషలో ఎంత మాట్లాడితే మనవడికి అంత మేలని ఆవిడ చెప్పిన తరువాతే ఆ పెద్దావిడ మనసు కుదుటపడింది. థెరపిస్టు గారు సబ్బు బుడగల సీసా తెరిచి, ఒకసారి ఊది, మూత గట్టిగా బిగించి, మా వాడి ముఖంలోకి చూస్తూ మౌనంగా ఆగేవారు. వాడు సీసా వైపు చేయి చాచగానే "ఇంకా" అని తెలుగులోనే అందించి, వాడి పెదవులు కదిలేదాకా ఓపిక పట్టేవారు. మేము ఇంట్లో రోజూ వాడే మాటలు అడిగి తెలుసుకుని, పలికించుకుని, "పాలు", "రా", "వద్దు", "తాత" అంటూ తన నోటు పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పేజీ నిండా రాసుకున్నారు. ఏ మాట దగ్గర వాడు ప్రయత్నించాడో, ఏ మాటకు తల తిప్పుకున్నాడో గుర్తులు పెట్టుకునేవారు. ఆ పేజీ ఎంత విలువైనదో ఆమె వెళ్లిపోయాక మాకు అర్థమైంది.

ఆమె వేరే ప్రాంతానికి మారిపోతున్న సంగతి మాకు వార్తాపత్రంలోని వీడ్కోలు శీర్షికలో తెలిసింది. కుటుంబాలకు పంపవలసిన ఉత్తరం ఆ తరువాత వచ్చింది. అందులో సేవకు అంతరాయం కలగకుండా చూస్తామని ఉందే తప్ప, కొత్తగా ఎవరు వస్తారో, ఎప్పుడు వస్తారో లేదు. కొన్ని వారాల పాటు ఎవరూ రాలేదు. తరువాత వచ్చిన థెరపిస్టు గారు కూడా నేర్పరే, శ్రద్ధ గలవారే. అయితే పాత నోటు పుస్తకంలోని ఆ పేజీ ఆమె చేతికి అందలేదు. ఫైలులో లక్ష్యాలు, తేదీలు, స్కోర్లు ఉన్నాయి. బుడగల సీసా ముందు పిల్లవాడు ఏ మాటకు స్పందిస్తాడో మాత్రం లేదు. తెలుగు మాటల జాబితాను మేమే మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చాం. సరిగ్గా అదే సమయంలో మూడో పుట్టినరోజు దగ్గరపడటంతో, ఇంటి దగ్గర అందే సేవ నుంచి బడిలోని సేవకు మారే సమావేశం కూడా జరపవలసి వచ్చింది. చట్టం ప్రకారం ఆ సమావేశం పుట్టినరోజుకు కనీసం 90 రోజుల ముందు జరగాలి. బిడ్డను బాగా ఎరిగిన మనిషి ఉండి తీరవలసిన సమావేశంలో, అప్పుడే పరిచయమైన మనిషి కూర్చోవలసి వచ్చింది.

ఇంత చెప్పాక కూడా ఆ వార్తాపత్రాన్ని తక్కువ చేసి మాట్లాడలేను. దాన్ని తయారుచేసేవారికి తమ తోటి ఉద్యోగుల మీద గౌరవం ఉంది. పదవీ విరమణ చేసేవారి గురించి మామూలుగా నాలుగు పొగడ్తలు రాసి వదిలేయకుండా, వారు నిజంగా చేసిన పని రాస్తారు. విరమణ చేసిన ఒక ఆడియాలజిస్టు గారి గురించి వచ్చిన పేరా నాకు ఇప్పటికీ గుర్తుంది. పరీక్ష యంత్రాలను కారులో వేసుకుని మంచు రోజుల్లో కూడా పల్లె బడులకు ఎలా వెళ్లేవారో, వినికిడి యంత్రం పెట్టుకోనని మొండికేసే పిల్లలతో ఎలా మాట్లాడేవారో సహోద్యోగులు వివరంగా చెప్పారు. బడి నుంచి బడికి పుస్తకాలు, బోధన సామగ్రి చేరవేసే వ్యాను డ్రైవర్లకు కూడా అందులో డైరెక్టరుతో సమానంగా చోటు ఇస్తారు. అయిదేళ్లు, పదేళ్లు, ఇరవై అయిదేళ్ల సర్వీసు పూర్తిచేసినవారి పేర్లు, కొత్తగా చేరినవారి చదువు, అనుభవం, ఖాళీగా ఉన్న ఉద్యోగాల వివరాలు క్రమం తప్పకుండా వస్తాయి. సొంత ఉద్యోగులకు అభినందన పత్రంగా చూస్తే దీనికి వంక పెట్టడానికి ఏమీ లేదు.

తల్లిదండ్రులకు కావలసింది అందులో దొరకకపోవడమే నా ఫిర్యాదు. కొత్తగా చేరినవారి పరిచయంలో వారు ఏ విశ్వవిద్యాలయంలో చదివారో, వారాంతంలో ఏం చేయడం ఇష్టమో ఉంటుంది. ఏ బడులకు వెళతారో, ఎవరి స్థానంలో వచ్చారో ఉండదు. వెళ్లిపోతున్నవారి వీడ్కోలులో వారు చూసుకుంటున్న పిల్లలను ఇకపై ఎవరు చూస్తారన్న వాక్యం ఒక్కటీ ఉండదు. ఆ ఒక్క వాక్యం కోసమే ఎన్నో ఇళ్లలో ఆ ఈమెయిల్ తెరుస్తారు.

2024 తరువాత ఈ అవసరం మరింత పెరిగింది. ఆ ఏడాది మార్చిలో గవర్నర్ కిమ్ రెనాల్డ్స్ సంతకం చేసిన హౌస్ ఫైల్ 2612 అనే బిల్లుతో ఈ సంస్థల ఆదాయ మార్గాలే మారిపోయాయి. అంతకుముందు నేరుగా ఏఈఏలకు చేరే మీడియా (పుస్తకాలు, బోధన సామగ్రి వంటివి), సాధారణ విద్యా సేవల నిధులు 2025-26 నుంచి పూర్తిగా స్కూల్ డిస్ట్రిక్టుల చేతికి వెళ్లాయి. ఆ సేవలను ఏఈఏ నుంచే తీసుకోవాలా, ఇంకొకరి దగ్గర తీసుకోవాలా అన్నది డిస్ట్రిక్టుల ఇష్టం. ప్రత్యేక విద్య నిధుల్లో మాత్రం 90 శాతం ఏఈఏలకే చెందుతుంది. ప్రత్యేక విద్య పర్యవేక్షణ బాధ్యత రాష్ట్ర విద్యాశాఖకు బదిలీ అయింది. బిల్లు చర్చలో ఉన్నప్పుడే ఉద్యోగ భద్రత మీద నమ్మకం సడలి ఎందరో నిపుణులు వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. ఆ మార్పు మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ అవసరం లేదు. మనుషులు త్వరత్వరగా మారుతున్నప్పుడు ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పే బాధ్యత సంస్థ మీద రెట్టింపు అవుతుందని మాత్రం గట్టిగా చెప్పగలను. వార్తాపత్రం ఆ రోజుల్లో కూడా పాత మూసలోనే, అవే శీర్షికలతో, అదే ధోరణిలో వచ్చింది.

ఇక్కడ చట్టంలోని ఒక తేడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. మూడేళ్ల లోపు పిల్లల ప్రణాళికలో, సేవలను సమన్వయం చేసే సర్వీస్ కోఆర్డినేటర్ పేరు తప్పనిసరిగా ఉంటుంది, కాబట్టి ఆ మనిషి మారితే ఆ పత్రమూ మారాలి. మూడేళ్లు దాటాక బడిలో రాసే ఐఈపీ అనే వ్యక్తిగత విద్యా ప్రణాళికలో ఏ సేవ, వారానికి ఎంతసేపు, ఎక్కడ అన్నవి ఉంటాయి గానీ, దాన్ని అందించే వ్యక్తి పేరు రాయాలన్న నియమం లేదు. అందువల్ల బిడ్డకు సంబంధించిన కాగితాల్లో ఏ మార్పూ లేకుండానే మనిషి మారిపోవచ్చు. మరో సంగతి: సిబ్బంది కొరత ఉందన్నది ఐఈపీలో రాసిన సేవను ఆపడానికి చట్టం ఒప్పుకునే కారణం కాదు. ఖాళీ వల్ల తప్పిపోయిన సెషన్లకు బదులు సెషన్లు ఇమ్మని తల్లిదండ్రులు అడగవచ్చు. మేము అడిగాం, ఇచ్చారు. అయితే అలా అడిగే హక్కు ఉందని మాకు వచ్చిన ఉత్తరంలో ఎక్కడా లేదు. ఉండి ఉంటే బాగుండేది.

స్టాఫ్ డైరెక్టరీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పేరుతో వెతికితే బాగా పనిచేస్తుంది, బడి పేరుతో వెతికితే కొన్నిసార్లు వెళ్లిపోయినవారినే ఇంకా చూపిస్తుంది. ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో ఉన్నవారు ఎంతో ఓపికగా సరైన మనిషికి కలుపుతారు, డైరెక్టరీ కంటే వారిని నమ్ముకోవడం మేలు.

ఉత్తరాల భాష గురించి మాత్రం చెప్పి తీరాలి. పరీక్షలకు, సమావేశాలకు దుబాసీని ఏర్పాటు చేయడంలో మా అనుభవం చాలా బాగుంది. ముందుగా అడిగితే ఫోన్‌లో తెలుగు దుబాసీని కలిపారు. ఆమె మాట్లాడిన తెలుగు మా అత్తగారికి పూర్తిగా అర్థమైంది, మొట్టమొదటిసారి ఆవిడ తన ప్రశ్నలు తానే అడగగలిగారు. సిబ్బంది మార్పు గురించిన ఉత్తరాలు మాత్రం ఇంగ్లీషులోనే, ఆఫీసు పదాలతో నిండి వస్తాయి. "సేవల పంపిణీలో పునర్వ్యవస్థీకరణ" అన్న అర్థం వచ్చే వాక్యం చదివి, మా వాడి థెరపీ ఆగిపోతుందని అనుకున్నాం. ఫలానా వారు వెళ్తున్నారు, ఫలానా వారు వస్తున్నారు, ఫలానా వారం నుంచి మొదలవుతుంది అని మూడు వాక్యాల్లో రాస్తే ఏ భాషలోకి మార్చుకోవడమైనా సులువు.

మన వైపు చదువుల సంగతి తెలిసినవారికి ఇదంతా కొత్తగా అనిపించకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మండల వనరుల కేంద్రాల ద్వారా పనిచేసే ఐఈఆర్పీలు (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించేవారు), ఆ పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాలకు రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లి చదువు చెబుతారు. అక్కడ కూడా ఐఈఆర్పీ మేడమ్ మారితే ఆ తల్లి పడే ఆందోళన ఇదే. అధికారిక ఉత్తర్వు చేరే లోపే ఆ కబురు ఊళ్లో ఆశా కార్యకర్త ద్వారానో, బడి వాట్సాప్ గ్రూపు ద్వారానో ఆ ఇంటికి తెలిసిపోతుంది. ఇక్కడ అలా చెప్పేవారు ఉండరు కాబట్టి, సంస్థ పంపే కాగితమే అంతా.

అధికారిక సమాచారం కోసం ఇంకో దారి ఉంది. ఏఈఏల పాలకమండలి సమావేశాలు అయోవా బహిరంగ సమావేశాల చట్టం పరిధిలోకి వస్తాయి. అజెండాను కనీసం 24 గంటల ముందు ప్రకటించాలి, మినిట్స్ అందరికీ అందుబాటులో ఉంచాలి. రాజీనామాలు, కొత్త నియామకాలు అక్కడ పేర్లతో సహా నమోదవుతాయి. వార్తాపత్రంలో రాకముందే మా ప్రాంతపు మార్పులు నాకు కొన్నిసార్లు అక్కడే కనిపించాయి. ఉద్యోగానికి వెళ్లొచ్చి, ఇద్దరు పిల్లల పనులు చూసుకునే తల్లి మినిట్స్ తిరగేస్తూ కూర్చోవాలని ఆశించడం న్యాయం కాదు గానీ, అవసరం పడితే ఆ దారి తెరిచే ఉందని తెలిసి ఉండాలి.

ఈ విషయాలన్నీ సంస్థకు రాతపూర్వకంగా పంపాను. మర్యాదగా జవాబిచ్చారు. తరువాతి విద్యా సంవత్సరం ఆరంభంలో వచ్చిన సంచికలో మొదటిసారిగా బడుల వారీగా సిబ్బంది పట్టిక చేర్చారు. ప్రతి బడి పేరు ఎదురుగా స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపీ, సైకాలజీ నిపుణుల పేర్లు, కొత్తవారైతే పక్కన చిన్న గుర్తు ఉన్నాయి. నా ఒక్క ఉత్తరం వల్లే అది జరిగిందని అనుకోను, ఇంకెందరో అడిగి ఉంటారు. ఎవరు అడిగితేనేం, ఈ సేవలో నాకు కనిపించిన అత్యంత మంచి మార్పు అదే. బిడ్డను ఒకరి నుంచి ఇంకొకరు అందుకునేటప్పుడు చేతులు మారవలసిన నోట్స్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. దానికి ఒక ఫారం తయారుచేస్తున్నామని చెప్పారు.

అయోవాలో ఆగస్టు 23కు ముందు బడులు తెరవకూడదన్న చట్టం ఉంది కాబట్టి, ఆ పట్టిక చూసుకోవడానికి నెల మధ్యలో కొంత వ్యవధి దొరుకుతుంది. మీ బడి పేరు ఎదురుగా ఖాళీ గడి కనిపిస్తే బడి తెరిచేదాకా ఆగకుండా కోఆర్డినేటర్‌కు ఈమెయిల్ పంపండి. మీ పిల్లలు ఇంట్లో పలికే తెలుగు మాటల జాబితాను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి దానికి జతచేయండి.