వరంగల్‌లో ఒక్కరోజు: గుళ్లు, కోట, బండి తిండి – ఏది ఏ వేళకు

వరంగల్ చూపిస్తూ ఊరి తిండి కూడా తినిపిస్తామనే టూర్లు తరచుగా ఒకే చోట దెబ్బతింటాయి. హైదరాబాద్‌లో పొద్దున బయల్దేరిన వ్యాను పదకొండింటికి కోట దగ్గర ఆగుతుంది. అక్కడ నీడ ఉండదు. భోజనం కానిచ్చి భద్రకాళి గుడికి పోతే మధ్యాహ్నం తలుపులు మూసి ఉంటాయి. మూడింటికి వేయిస్తంభాల గుడిలో చెప్పులు విప్పితే బండలు కాలుతుంటాయి. సాయంత్రం మిర్చి బండ్లు పొయ్యి వెలిగించే వేళకు వ్యాను తిరుగుదారి పట్టి ఉంటుంది. ఊళ్లో చూడాల్సినవి ఒకదానికొకటి మహా అయితే ఏడెనిమిది కిలోమీటర్లు. కాబట్టి దూరంతో పేచీ లేదు, పేచీ అంతా వరుసతోనే. టూరు బుక్ చేసేముందు ధర కంటే ముందు అడగాల్సింది కోటకు ఎన్నింటికి తీసుకెళ్తారని. సాయంత్రం నాలుగింటికి అని చెప్పారంటే మిగతావి కూడా ఆలోచించే పెట్టి ఉంటారు.

పొద్దున ఆరింటికి మొదలుపెట్టాలంటే ముందురోజు రాత్రికే చేరుకోవడం మేలు. బస హనుమకొండలోనా, వరంగల్ స్టేషన్ దగ్గరా అన్నది రైలును బట్టి చూసుకోవాలి. నక్కలగుట్టలో పర్యాటక సంస్థ వారి హరిత కాకతీయ హోటల్ ఉంది. ఆ చుట్టుపక్కల, బాలసముద్రం వైపు మధ్యతరగతి హోటళ్లు ఉన్నాయి. పొద్దున గుళ్లకు అవే దగ్గర. స్టేషన్ పక్క లాడ్జీలు కోటకు, మండిబజారుకు దగ్గర. గది వీధివైపు కాకుండా వెనకవైపు అడిగి తీసుకుంటే కాస్త నిద్ర పడుతుంది. టికెట్ తీసేటప్పుడు కాజీపేటా, వరంగలా అన్నది సరిచూసుకోండి. సికింద్రాబాద్ నుంచి బల్లార్షా మీదుగా ఉత్తరాదికి పోయే రైళ్లు కాజీపేట నుంచే పక్కకు తిరిగిపోతాయి, వరంగల్ రావు. విజయవాడ వైపు పోయేవే వరంగల్‌లో ఆగుతాయి.

మొదట వేయిస్తంభాల గుడి. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు, మధ్యలో రంగమండపం. ఇప్పుడు పూజలందుకునేది రుద్రేశ్వరుడు ఒక్కడే. స్తంభాలు నిజంగా వెయ్యి ఉన్నాయా అని లెక్కపెడుతూ నిలబడకండి. రంగమండపంలో నాలుగు స్తంభాల దగ్గర వంగి చూడండి. గుండ్రంగా చెక్కి నున్నగా మెరుగుపెట్టిన భాగాల్లో మొహం కనిపిస్తుంది. సన్నని రంధ్రాలు చెక్కిన చోట గైడు దారం దూర్చి చూపిస్తాడు. ఎదురుగా నల్లరాతి నంది, దాని అవతల కల్యాణమండపం. ఆ మండపాన్ని పురావస్తు శాఖ 2006లో రాయి రాయిగా విప్పింది. తిరిగి నిలబెట్టి తెరిచింది 2024 మార్చిలో. పాత రాయి ఎక్కడిది, కొత్త రాయి ఎక్కడిది అని రంగు తేడాతో పోల్చి చూపగలిగిన గైడు దొరికితే అతనికిచ్చే డబ్బు దండగ కాదు. ఇక్కడి నుంచి కోటకు సొరంగం ఉందని మొదలుపెట్టాడంటే మాత్రం మిగిలిన కబుర్లను కూడా సగానికి తగ్గించి వినాలి.

ఎండ ముదరకముందే దగ్గర్లోని పద్మాక్షి గుట్ట ఎక్కేయొచ్చు. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఆగడం మంచిది. బసదిగా, అంటే జైన గుడిగా మొదలైన చోటు ఇది, 1117 నాటి శాసనం ఉంది. అమ్మవారి గుడిలోనే రాతిమీద జైన శిల్పాలు కనిపిస్తాయి. చాలా టూర్లు దీన్ని వదిలేస్తాయి, బస్సు ఆపి దింపడానికి అనువుగా ఉండదని కాబోలు. సద్దుల బతుకమ్మ నాడు మాత్రం ఈ గుట్ట కింద ఇసుక వేస్తే రాలదు.

టిఫిన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇడ్లీ, వడ, దోశ హనుమకొండ చౌరస్తా చుట్టూ ఎక్కడైనా దొరుకుతాయి, కానీ అవి ఈ ఊరి ప్రత్యేకం కావు. కడుపు సగమే నింపుకొని సర్వపిండికి చోటు ఉంచుకోవాలి.

సర్వపిండిని చాలామంది గైడ్లు ‘బియ్యపు రొట్టె’ అని తేల్చేస్తారు. అందులో ఉన్న పని తెలిస్తే మంచిదేదో, చెడ్డదేదో మీకే అర్థమవుతుంది. రెండు కప్పుల బియ్యప్పిండికి గుప్పెడు నానబెట్టిన పచ్చిశనగపప్పు, అంతే పల్లీల పలుకులు, మూడు నాలుగు చెంచాల నువ్వులు, వెల్లుల్లి కారం, కరివేపాకు, ఉల్లికాడలు, ఉప్పు. కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ గట్టిగా కలుపుతారు. నూనె రాసిన గుండ్రటి అడుగు గిన్నెలో లోపలి గోడకు పలచగా ఒత్తి, వేలితో నాలుగైదు చిల్లులు పెట్టి, చిల్లుకొక చుక్క నూనె వేసి, మూతపెట్టి సన్నసెగ మీద పది పన్నెండు నిమిషాలు ఉంచుతారు. మంట పెంచితే అడుగు మాడి పైన పచ్చిగా ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే మెత్తగా సాగుతుంది, తక్కువైతే ఒత్తుతుంటేనే పగులుతుంది. ఒకటి దించాక గిన్నె చల్లారితే తప్ప రెండోది ఒత్తలేరు, అందుకే నాలుగైదు గిన్నెలు తిప్పే చోట త్వరగా అందుతుంది. పెనం మీద వేసింది చెడ్డదేం కాదు, కానీ గిన్నెలో కాలినదానికి వచ్చే కరకర దానికి రాదు. పొద్దుటిది వేడిచేసి ఇస్తే తోలులా సాగుతుంది. పదిహేను మందిని ఒకేసారి దించే టూర్లలో దొరికేది ఎక్కువగా అదే. ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది ఉన్న గుంపుకే పొయ్యి మీది నుంచి తాజాగా అందుతుంది.

భద్రకాళి గుడికి పదకొండు లోపు వెళ్లాలి. శుక్రవారం, ఆదివారం వరుస పెద్దది, శ్రావణంలో, శరన్నవరాత్రుల్లో చెప్పనే అక్కర్లేదు. ఆ రోజుల్లో టూరు పెట్టుకుంటే ఇక్కడే పూట గడిచిపోతుంది. దర్శనమయ్యాక చెరువు కట్ట మీద కాసేపు నడవచ్చు. మక్క కంకుల కాలమైతే బొగ్గుల మీద కాల్చిన కంకికి ఉప్పూకారం, నిమ్మకాయ రుద్దిస్తారు. మధ్యాహ్నం బగారా అన్నం, నాటుకోడి తిని, గదికి పోయి పడుకోవడమే తెలివైన పని. ఆ రెండు మూడు గంటలను ‘షాపింగ్’ పేరుతో నింపే టూర్లు ఉన్నాయి. ఎక్కడ ఆపుతారో ముందే అడగండి. కొత్తవాడలో మగ్గాల దగ్గరికైతే సరే. వరంగల్ దరీలకు, అంటే ఇక్కడి నేత తివాచీలకు, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, నేసేవాళ్ల దగ్గరే రకం, కొలత చూసి కొనొచ్చు. రోడ్డుపక్క పెద్ద షోరూము అయితే గైడుకు కమిషన్ ఉందనే అనుకోవాలి.

గైడు నిజంగా కావలసింది కోటలోనే. గుళ్లలో కళ్లకు కనిపించేదే చాలావరకు కథ. కోటలో కనిపించేది చెదిరిన రాళ్లు. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేయించిన రాతి గోడ, బయట కందకం, దాని అవతల మట్టికోట. సున్నం లేకుండా పేర్చిన గోడకు 45 బురుజులు. దారి ఇప్పటికీ దర్వాజాల గుండానే పోతుంది, లోపల జనం కాపురాలున్నాయి. ఆటోలో సర్రున దాటించకుండా ఒక దర్వాజా దగ్గరైనా దిగి నడవమనాలి. దారి తిన్నగా పోకుండా వంకర ఎందుకు తిరుగుతుందో, దూసుకొచ్చే ఏనుగుకు, గుర్రానికి అక్కడ ఏమవుతుందో నడిస్తేనే తెలుస్తుంది.

మధ్యలో నాలుగు కీర్తితోరణాలు. అవి దేనికి వాకిళ్లో చెప్పని గైడు వృథా. నడుమ ఉన్న స్వయంభూ ఆలయం 1323లో ఢిల్లీ సేనల చేతికి కోట చిక్కాక కూలిపోయింది. నేలమీద పేర్చి ఉంచిన శిల్పాలు దానివే. తోరణాల మీద దేవతామూర్తులు లేరు. హంసలు, మకరాలు, తామరమొగ్గలు ఉన్నాయి. పడమటి ఎండ వాలుగా తగిలినప్పుడే ఆ చెక్కుడు లోతు తేలుతుంది, మధ్యాహ్నం తీసిన ఫొటోలో అంతా చదునుగా ఉంటుంది. పక్కనే ఖుష్‌మహల్. తర్వాతి కాలంలో వరంగల్‌ను ఏలిన షితాబ్‌ఖాన్ పేరుతో షితాబ్‌ఖాన్ మహల్ అని వాడుక. లోపలికి వాలిన మందపాటి గోడలు, మొనదేలిన కమానులు చూసి అది తుగ్లక్ కాలపు దర్బారు అన్న చరిత్రకారులున్నారు. రెండు మాటలూ చెప్పే గైడును నమ్మొచ్చు. తోరణాల ఆవరణకు టికెట్ ఉంది, చీకటి పడకముందే మూస్తారు కనుక నాలుగింటికి లోపల ఉండాలి. కోటలోని ఏకశిల గుట్ట ఎక్కాలనుకుంటే ఇంకో అరగంట కలుపుకోండి. రాత్రి ధ్వని, కాంతి ప్రదర్శనకు ఉండాలనుకుంటే ఆ రోజు ఉందో లేదో, తెలుగు ఆట ఎన్నింటికో కౌంటర్‌లో ముందే అడగాలి. వాన పడితే ఆశ వదులుకోవాలి.

కోట నుంచి బయటపడ్డాక వరంగల్ చౌరస్తా వైపు మిర్చి బండ్లు. వాము, చింతపండు గుజ్జు కూరిన మిర్చిని ఒకసారి వేయించి, కోసి మళ్లీ నూనెలో వేసి, ఉల్లిగడ్డ, నిమ్మరసం చల్లి ఇస్తారు. నూనె నల్లబడి నురగ కడుతుంటే పక్క బండికి పోవడమే. మిర్చి వేడిది కాబట్టి భయం లేదు, పొట్ట పాడయ్యేది నీళ్ల చట్నీతో, తరిగి చాలాసేపు ఉంచిన ఉల్లిగడ్డతో. అక్కడి నుంచి మండిబజారు, ఇరానీ చాయ్. రంజాన్ నెలలో హలీం కోసమైతే ఇఫ్తార్ దాటాక ఒక గంట ఆగి పోతే తోపులాట తగ్గుతుంది.

రామప్పను ఇదే రోజులో ఇరికిస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ గుడి ఉన్న పాలంపేట ఒకవైపే దాదాపు 70 కిలోమీటర్లు, దానికి లక్నవరం చెరువు కలిపి మరో రోజు పెట్టుకోవాలి. టూరు లేకుండా తిరగాలంటే ఆటోను చోటుకింత అని కాకుండా, ఆగే సమయంతో కలిపి పూటకింత అని మాట్లాడుకోండి. పొద్దుటికి హనుమకొండ ఆటో, సాయంత్రానికి వరంగల్ ఆటో, గైడును కోటకు మాత్రమే పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది, మధ్యాహ్నం ఎవరి కోసమూ ఆగాల్సిన పని ఉండదు. టూరే కావాలనుకుంటే టికెట్లు, ఆటో, తిండి – మూడింటిలో ఏవేవి ధరలో కలిశాయో ఒక్కొక్కటిగా అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. ‘తిండి కలిపే’ అన్న మాటకు కొందరి లెక్కలో అర్థం ఒక ప్లేటు మిర్చి, ఒక చాయ్.