లండన్‌లో మూడు రోజులు: నలుగురం, నాలుగు దేశాలు

లెస్టర్‌లో ఎంఎస్ మొదలై ఆరు నెలలైనా లండన్ చూడలేదు. సెలవులు దొరకగానే మా క్లాసులో నలుగురం కోచ్ (దూరప్రయాణపు బస్సు) టికెట్లు తీసుకున్నాం. నాది గుంటూరు. మిగతావాళ్ళలో ఒకమ్మాయిది నైజీరియాలోని బెనిన్ సిటీ, ఇంకో అమ్మాయిది వియత్నాంలోని హనోయ్, అబ్బాయిది ఈజిప్టులోని అలెగ్జాండ్రియా. రైలు కంటే కోచ్ చాలా చవక. తెల్లవారుజామున బయల్దేరి విక్టోరియా కోచ్ స్టేషన్‌లో దిగాం.

అక్కడి నుంచి బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి నడిచే వెళ్ళొచ్చు. బుధవారం కాబట్టి 11 గంటలకు కాపలా మారే వేడుక ఉంది. అయితే మేం పదిన్నరకి, అదీ బ్యాగులు మోసుకుంటూ చేరాం. ముందు ఆరు వరుసల జనం. సైనికుల నల్లటి బొచ్చు టోపీలు తప్ప ఏమీ కనిపించలేదు. పది లోపు వెళ్ళి కంచె దగ్గర నిలబడలేకపోతే దాని కోసం పొద్దంతా పాడుచేసుకోవద్దు.

కింగ్స్ క్రాస్ దగ్గర హాస్టల్ తీసుకోవడం మేం చేసిన పొరపాటు. ఫొటోల్లో వంటగది ఉంది, వెళ్తే తాళం వేసి ఉంది. మూడింటి దాకా గది ఇవ్వరు, అప్పటివరకు బ్యాగులు ఉంచాలంటే డబ్బు, తువ్వాలుకి డబ్బు. ఎనిమిది మంచాల గదిలో రాత్రంతా ఎవరో ఒకరు తలుపు తీస్తూనే ఉన్నారు. ధర చూసి బుక్ చేసేముందు ఇలాంటి చిల్లర ఖర్చులన్నీ కూడి చూసుకోండి.

రెండో రాత్రికి మా సీనియర్ అక్క ఈస్ట్ హామ్‌లోని తన గదికి రమ్మంది. నలుగురికీ నేల మీదే పక్క. అన్నం, పప్పు, ఇంటి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి పెట్టింది. హనోయ్ అమ్మాయి పచ్చడి మూడుసార్లు అడిగి వేయించుకుంది. ఈస్ట్ హామ్ హై స్ట్రీట్‌లో దోసెల హోటళ్ళు, చీరల కొట్లు చూస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఊరి మధ్యకి ట్యూబ్‌లో, అంటే భూగర్భ రైల్లో, కాస్త దూరమే, అయినా తెలిసినవాళ్ళుంటే అక్కడే ఉండండి.

తిరగడానికి మాత్రం బస్సే. అప్పుడు టికెట్ 1.75 పౌండ్లు. మొదట కార్డు తాకించాక గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్ళీ డబ్బు పడదు. నగదు తీసుకోరు. ఒకసారి కార్డు, ఒకసారి ఫోను తాకిస్తే వేర్వేరుగా లెక్కేస్తుంది, కాబట్టి ఏదో ఒకటే వాడాలి. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 15 నంబరు ఎక్కి, పై అంతస్తులో ముందు సీటు పట్టుకుంటే ఫ్లీట్ స్ట్రీట్, సెయింట్ పాల్స్ చర్చి చూసుకుంటూ టవర్ ఆఫ్ లండన్ కోట దాకా వెళ్ళిపోవచ్చు. లండన్ ఐ అనే పెద్ద జెయింట్ వీల్ ఎక్కలేదు. అప్పట్లో ఆ ఒక్క టికెట్ డబ్బుతో ఐదు రోజులు బస్సుల్లో తిరగొచ్చు. పైనుంచి ఊరు చూడాలంటే గ్రీనిచ్ గుట్ట ఉంది, ఉచితం. అక్కడే థేమ్స్ కింద 1902లో కట్టిన నడక సొరంగం ఉంది. నెత్తి మీద నది పారుతుంటే అవతలి ఒడ్డుకి నడిచాం.

మూడో రోజంతా బ్రిటిష్ మ్యూజియంకి ఇచ్చాం. ప్రవేశం ఉచితం, శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. చక్రాల సూట్‌కేసులు లోపలికి రానివ్వరు, మావి అక్క గదిలోనే ఉంచాం.

మొదట రొసెట్టా రాయి, ఈజిప్టులోని రొసెట్టా ఊళ్ళో దొరికిన పురాతన శాసనం. గుంపులో దారి చేసుకుని వెళ్ళాక అలెగ్జాండ్రియా అబ్బాయి "ఆ ఊరిని మేం రషీద్ అంటాం, మా ఇంటికి దగ్గరే" అన్నాడు. తర్వాత కింది అంతస్తులో 25వ గది. ఒబా, అంటే బెనిన్ రాజు, రాజభవనం స్తంభాల ఇత్తడి ఫలకాలు పొడవాటి కడ్డీలకు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. 1897లో బ్రిటిష్ సైన్యం బెనిన్ మీద పడి ఎత్తుకెళ్ళినవి. బెనిన్ సిటీ అమ్మాయి ఒక్కో ఫలకం దగ్గర ఆగి, ఆ రాజుల పేర్లు వాళ్ళ నాన్న చెప్పినట్టే మాకు చెప్పింది. ఆ రోజు గైడ్ అవసరం మాకు రాలేదు.

ఆ తర్వాత నా వంతు. 33ఏ గదిలో, గాజు గోడ వెనుక, అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు వెళ్ళి, 1859లో ఓడెక్కి ఇక్కడికి చేరాయి. ఒక పలకకి రెండువైపులా చెక్కడమే. పాత వైపు చెట్టు కింద ఖాళీ ఆసనం, దానికి దండం పెడుతున్న జనం. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని రోజులవి. కొన్ని వందల ఏళ్ళ తర్వాత అదే రాయిని తిప్పి రెండోవైపు స్తూపం చెక్కారు. ఆ జనం చెవుల బరువైన కమ్మలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. పలనాడు రాయి మీద అంత సన్నటి పని.

అమరేశ్వరుడి గుడికి చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు వెళ్ళాను. పక్కనే ఉన్న స్తూపం దగ్గరికి ఒక్కసారీ నడవలేదు. ఆ సిగ్గుతోనే అమ్మకి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి పదయింది. ఫోను గాజుకి దగ్గరగా పెట్టి మెల్లగా జరిపాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "ఇంకోసారి చూపించు, మీ నాన్నని లేపుతా" అంది.