నాలుగు బోల్టులు విప్పితే చేతికొచ్చే కాలు: 15 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ మోటారు, ఐదు సీజన్ల తర్వాత

శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో సిద్ధేశ్వరం నుంచి సోమశిల ఒడ్డుకు తిరిగే పడవకు ఐదు సీజన్లుగా ఇదే అవుట్‌బోర్డ్, అంటే పడవ వెనక తగిలించే మోటారు. టూ-స్ట్రోక్, 15 హెచ్‌పీ, తాడు లాగి స్టార్ట్ చేసేది, కోస్తాలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాని పొగ, శబ్దం, పెట్రోలు తాగే తీరు అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. ఇన్నాళ్ల వాడకంలో చానా నచ్చింది మాత్రం ఇంజను కాదు, దాని కింది కాలు. అంటే లోయర్ యూనిట్: పడవను తోసే ఫ్యాను, గేర్లు, నీళ్ల పంపు ఉండే ముక్క.

బోరు మోటారు పైకి లాగించినవాళ్లకు ఈ సంతోషం వెంటనే అర్థమవుతుంది. దానికి చెయిన్ పుల్లీ కావాలి, నలుగురు మనుషులు కావాలి, ఒక పూట పోతుంది. ఇక్కడ మోటారును పడవ మీద నుంచి దించే పని గుడక లేదు. పడవను ఒడ్డుకు లాగి, మోటారు పైకి వంచి, 12 నంబరు రింగు స్పానర్‌తో నాలుగు బోల్టులు, ఒక గేరు రాడ్డు జాయింటు విప్పితే కాలు చేతిలోకి వస్తుంది. అలవాటైతే 20 నిమిషాలు. కర్నూలు దాకా మోసుకుపోయే పని లేదు, మెకానిక్ కోసం ఎదురుచూసే పని లేదు.

ఇది ఊరికే సౌకర్యం అనుకోవద్దు, మన నీళ్లకు ఇది అవసరం. ఈ పంపులోని ఇంపెల్లర్, అంటే నీళ్లను తోసే రెక్కల చక్రం, బోరు మోటారు ఇంపెల్లర్ లాంటిది కాదు. బోరుదాని రెక్కలు గోడను తాకకుండా తిరుగుతాయి. ఇది మెత్తటి రబ్బరు, రెక్కలు స్టీలు గిన్నె గోడను ఒరుసుకుంటూ తిరుగుతాయి. ఆ ఒరుపుకు నీళ్లే కందెన. కాబట్టి నీళ్లు లేకుండా కొన్ని సెకండ్లు తిప్పినా రబ్బరు కాలుతుంది, నీళ్లలో ఇసుక ఉంటే గిన్నె అరుగుతుంది. జూలై, ఆగస్టుల్లో కృష్ణ ఎర్రగా దిగినప్పుడు, మళ్లీ ఎండాకాలం డ్యాం నీటిమట్టం నిండు మట్టమైన 885 అడుగుల నుంచి బాగా కిందికి పోయి రేవు బురదయినప్పుడు, ఈ పంపు తాగేది సగం మడ్డే. కొత్త ఇంపెల్లర్ రెండేళ్లు వస్తుందని పుస్తకాల్లో ఉన్నా, ఇక్కడ ఏడాదికొకటి మార్చడమే మేలు. సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడే రోజులు దీనికి మంచి గుర్తు: రేవు ఎలాగూ దూరమవుతుంది, తిరుగుడు తగ్గుతుంది.

విప్పే ముందు రెండు పనులు: పెట్రోలు పైపు పీకడం, ప్లగ్గు క్యాపులు రెండూ తీయడం. ఫ్యాను చేత్తో తిప్పాల్సి వస్తుంది, ఇంజను పొరపాటున అందుకుంటే వేళ్లు పోతాయి. తర్వాత గేరు రాడ్డు. మా మోటారులో పై రాడ్డు, కింది రాడ్డు ఒక పొడవాటి నట్టుతో కలుస్తాయి, దానికింద లాక్ నట్టు. ఈ పొడవాటి నట్టు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కబెట్టి కాలు మీదే మార్కరుతో రాసుకోవాలి. ఈ లెక్క తప్పితే తిరిగి బిగించినప్పుడు న్యూట్రల్‌లో పెట్టినా ఫ్యాను తిరుగుతుంది, లేదా రివర్స్ సగమే పడి గేరు పళ్లు కొట్టుకుంటాయి. కొన్ని మోడళ్లలో రాడ్డు ఊరికే జారి ఊడుతుంది, వాళ్లు అదృష్టవంతులు.

నాలుగు బోల్టుల్లో మూడు పూర్తిగా తీసి, నాలుగోదాన్ని రెండు చుట్లు మిగిల్చి వదలాలి. అప్పుడు కాలును కిందికి లాగితే అది ఒక్కసారి పాదం మీద పడదు. రాకపోతే ఫ్యాను మీద గొడుగులా ఉన్న పలకను చెక్క సుత్తితో అటూ ఇటూ తట్టాలి. జాయింటులో స్క్రూడ్రైవర్ దూర్చి లేపొద్దు. అల్యూమినియం సొట్టపడితే ఆ ముఖాలు మళ్లీ సరిగ్గా కూర్చోవు. సాధారణంగా పట్టేసేది రెండు ముక్కలను వరసగా నిలిపే రెండు చిన్న డోవెల్ పిన్నులు, లేదంటే డ్రైవ్ షాఫ్టు పైకొనలో ఎండిన గ్రీజు.

పంపు మూత నాలుగు చిన్న బోల్టులతో ఉంటుంది. మూత లేపితే ఇంపెల్లర్, షాఫ్టు గాడిలో అర్ధచంద్రం కీ, కింద స్టీలు పలక, ప్యాకింగు వరసగా వస్తాయి. కీ గడ్డిలో పడితే దొరకదు, కింద గుడ్డ పరుచుకోండి. గిన్నె గోడ మీద, పలక మీద గోరు గీస్తూ చూడాలి. గోరు తట్టుకునేంత గాడి ఉంటే కొత్త ఇంపెల్లర్ ఒక్కటే వేసి లాభం లేదు, గిన్నె, పలక కూడా మార్చాలి. కొత్త ఇంపెల్లర్‌కు సబ్బు నీళ్లు రాసి, మూతను నొక్కుతూ షాఫ్టును పై నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే రెక్కలు ఒకే వైపు పడుకుని లోపలికి పోతాయి. ఆ తర్వాత షాఫ్టును వెనక్కి తిప్పొద్దు, రెక్కలు మొదట్లోనే విరుగుతాయి.

ఎక్కించేటప్పుడు మూడు చోట్ల ఒకేసారి కన్ను వేయాలి: షాఫ్టు పళ్లు ఇంజను క్రాంకులోకి, రాగి నీళ్ల గొట్టం పంపు మూత మీదున్న రబ్బరు మూతిలోకి, గేరు రాడ్డు దాని దారిలోకి. షాఫ్టు పళ్లకు గ్రీజు రాయాలి కానీ పైకొన ముఖం మీద ముద్దగా పెట్టకూడదు. ఆ గ్రీజు లోపల ఇరుక్కుని కాలు పూర్తిగా పైకి కూర్చోదు. పళ్లు కలవకపోతే ఫార్వర్డ్ గేరు వేసి, వెనక నుంచి చూస్తూ ఫ్యానును గడియారం ముల్లు దిశలో మెల్లగా తిప్పితే టక్కున పడతాయి. చివరి సందు చేత్తో తోస్తేనే మూసుకోవాలి. వేలెడు సందు ఉండగా బోల్టులు బిగించి పైకి లాగుతామంటే బోల్టు పట్టే అల్యూమినియం చెవి పగులుతుంది, లేదా నీళ్ల గొట్టం వంగుతుంది. ఆ వంగిన గొట్టం పైకి కనిపించదు, ఇంజను వేడెక్కాకే తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. మూడో సీజన్, వరద నీళ్లు. వెనక నుంచి వచ్చే నీళ్ల ధార, అదే పంపు పనిచేస్తోందని చెప్పేది, పిల్లోడు ఉచ్చ పోసినట్టు సన్నగిల్లింది. కాలు దించితే ఇంపెల్లర్ ఆరు రెక్కల్లో నాలుగే ఉన్నాయి. కొత్తది వేసి, 200 లీటర్ల డ్రమ్ములో నీళ్లు పోసి చూస్తే ధార బాగానే వచ్చింది. నదిలోకి దింపి మనుషులను ఎక్కించి ఫుల్ థ్రాటిల్ ఇచ్చిన పావుగంటకు ఇంజను బరువెక్కి తనంతట తానే నెమ్మదించింది. మూత మీద నీళ్లు చల్లితే ఆవిరి లేచింది. ఆపి చల్లారనిచ్చి, తెడ్లతో ఒడ్డు చేర్చారు. పిస్టన్ పట్టేయలేదు, అది ఆ రోజు అదృష్టం.

తర్వాత వారంలో కాలు మూడుసార్లు దించారు. మొదటిసారి రబ్బరు మూతి మార్చారు. రెండోసారి గిన్నె, పలక మార్చారు. మూడోసారి నీళ్లు పీల్చే జాలీల్లో గుడ్డముక్కలు, నాచు తీశారు, ఉన్నవి కొద్దే. పరిస్థితి అదే: డ్రమ్ములో బాగుంటుంది, నదిలో వేడెక్కుతుంది. తప్పు కాలులో లేదు. విరిగిన రెండు రెక్కలూ నీళ్లతో పాటు గొట్టంలోంచి పైకి పోయి థర్మోస్టాట్ (ఇంజను వేడిని బట్టి నీళ్లను వదిలే వాల్వు) దారిలో ఇరుక్కున్నాయి. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ రబ్బరు ముక్క పక్కకు పడుకుంటుంది, నీళ్లు పోతాయి. వేగం పెరిగితే ఒత్తిడికి లేచి దారికి మూతలా అడ్డం పడుతుంది. థర్మోస్టాట్ మూత బోల్టులు విప్పగానే ఒక ముక్క చేతికొచ్చింది. రెండోది రాలేదు. కాలు దించి, థర్మోస్టాట్ తీసి, ఆ రంధ్రంలో తోట పైపు పెట్టి నీళ్లు పైనుంచి కిందికి తోస్తే కింది రాగి గొట్టంలోంచి ఊడిపడింది. అంటే నాలుగోసారి దించడం పనికొచ్చింది.

కాబట్టి పాత ఇంపెల్లర్ తీయగానే రెక్కలు లెక్కబెట్టండి. ఉన్నవి ఎన్నో కాదు, లేనివి ఎన్ని. లేని ప్రతి రెక్కా ఇంజనులో ఎక్కడో ఉంది, దాన్ని చేతిలో పెట్టుకునేదాకా కొత్తది బిగించొద్దు. డ్రమ్ము పరీక్షను కూడా నమ్మి మోసపోవద్దు. డ్రమ్ములో ఇంజనును ఐడిల్‌లోనే నడపగలం, నీళ్లు గొడుగు పలక పైన ఉండాలి, వేగం పెంచితే నీళ్లన్నీ బయటికి చిమ్ముతాయి. అసలు పరీక్ష బరువుతో నదిలోనే.

పైన పొగిడిన సులువు మీద ఇక్కడే నాకు కొంచెం అనుమానం మొదలైంది. కాలు తేలిగ్గా ఊడుతుంది కాబట్టి ప్రతి రోగానికీ దాన్నే విప్పాలనిపిస్తుంది. విప్పిన ప్రతిసారీ అల్యూమినియంలోని మర కొంత అరుగుతుంది. మాదాంట్లో వెనక బోల్టు ఒకటి నాలుగోసారికి బిగుసుకోకుండా ఊరికే తిరగసాగింది. కర్నూలు లేతు షాపులో హెలికాయిల్ (అరిగిన మరలో కూర్చోబెట్టే స్టీలు తీగ మర) వేయించాక నిలిచింది. ఇప్పుడు బోల్టులకు మెరైన్ గ్రీజు రాసి, జానెడు రింగు స్పానర్‌తో ఒక్క చేతి బలమే వాడతాం. పట్టేసిన బోల్టుకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఒక రాత్రి వదిలేయాలి. తల మీద రెండు సుత్తి దెబ్బలు వేస్తే సగం పని అయిపోతుంది. బ్లో ల్యాంపు పెట్టే ముందు పక్కనే ఆయిల్ సీళ్లు ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

గేర్ ఆయిల్ సంగతి పెద్దగా లేదు. ఇంపెల్లర్ కోసం ఆయిల్ తీయాల్సిన పని లేదు, కాలును నిలువుగా నిలబెడితే చాలు. మార్చేటప్పుడు 90 గ్రేడు హైపాయిడ్ ఆయిల్ సుమారు 250 మిల్లీలీటర్లు పడుతుంది. కింది రంధ్రం నుంచే ఎక్కించి, పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా పొంగాక ముందు పై స్క్రూ, తర్వాత కింది స్క్రూ బిగించాలి. వాషర్లు కొత్తవే వేయాలి. పాత ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో వస్తే నీళ్లు దిగుతున్నట్టే. ముందు ఫ్యాను వెనక చూడండి: చేపల వల నైలాన్ దారం షాఫ్టుకు చుట్టుకుని సీలు పెదవిని కోసేస్తుంది. సీలు మీదున్న మూడు అంకెలు, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, బేరింగ్ షాపులో చెబితే చాలాసార్లు దొరుకుతుంది.

కోస్తా నుంచి వచ్చిన మోటారు కొన్నవాళ్లకు ఇంకొకటి. దాని కింద ఉన్న ఆనోడ్, అంటే కాలు బదులు తాను తినేయబడే లోహపు ముక్క, జింకుది అయి ఉంటుంది, ఉప్పునీళ్లకు సరిపోయేది. మంచినీళ్లలో దాని మీద తెల్లటి పొర గడ్డకట్టి అది పనిచేయడం మానేస్తుంది. మంచినీళ్లకు మెగ్నీషియం ఆనోడ్ ఉండాలి. అది దొరికేదాకా ఉన్నదాన్ని వైరు బ్రష్షుతో గీకి మెరిపించడమే, రంగు మాత్రం పూయొద్దు.

నా మాటను మీ పడవకు అన్వయించే ముందు చూసుకోవాల్సినవి కొన్ని. ఇది 15 హెచ్‌పీ, కాలు ఒక మనిషి పట్టుకోగల బరువు. 40 హెచ్‌పీ దాటితే కాలు బరువు, కొన్నింట్లో ఒక బోల్టు ట్రిమ్ ట్యాబు (ఫ్యాను పైనుండే చిన్న రెక్క) కింద దాక్కుని ఉంటుంది, అది తెలియక లాగితే పగులుతుంది. మాది మంచినీళ్లు, తుప్పు తక్కువ. గండికోట, మైలవరం వైపు నడిపేవాళ్లకు ఇంచుమించు ఇదే లెక్క, సముద్రపు నీళ్లలో నడిపేవాళ్లకు ఆ నాలుగు బోల్టులు 20 నిమిషాల్లో రావు. స్పేర్ ఇంపెల్లర్, కీ, ప్యాకింగు, రబ్బరు మూతి ఒక డబ్బాలో పడవలోనే పెట్టుకోగలిగితే ఈ మోటారును మళ్లీ కొంటాను. పెట్టుకోలేకపోతే, కర్నూలుకు వెళ్లివచ్చేదాకా పడవ ఒడ్డునే ఉంటుంది.