ఉపన్యాసం తర్వాత మూడో అంతస్తు

తొమ్మిదేళ్లుగా ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో జరిగే చరిత్ర ఉపన్యాసాలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు వెళ్తున్నాను. అక్కడ నేను చదువుకోలేదు, పాఠాలు చెప్పలేదు. బయటివారికి ఇచ్చే సభ్యత్వ కార్డు ఒక్కటే నాకున్న అర్హత. ఈ కార్యక్రమాలకైతే అది కూడా అడగరు. వెళ్లిన ప్రతిసారీ ఒక నోటుపుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకుంటాను: తేదీ, విషయం, ఎన్ని నిమిషాలు ఆలస్యంగా మొదలైంది, ముందు వరుసలో ఎవరు నిద్రపోయారు. చివరి గడిలో మాత్రం ఒక టిక్కు పెడతాను, లేదా ఖాళీగా వదిలేస్తాను. ఉపన్యాసం జరిగేది కింది హాల్లో, పుస్తకాలు ఉండేది మూడో అంతస్తులో. విన్నాక మెట్లెక్కి ఆ విషయం మీద ఏదో ఒక పుస్తకం తీయించుకుంటే టిక్కు. ఇప్పటికి 112 కార్యక్రమాలయ్యాయి, 41 టిక్కులు పడ్డాయి.

వక్త ఎంత బాగా మాట్లాడారన్నది నా కొలత కాదు. బాగా మాట్లాడేవారిని వినాలంటే ఇంట్లో కూర్చుని ఫోనులోనూ వినవచ్చు. లైబ్రరీ దాకా వెళ్లినవాడికి లైబ్రరీలో మాత్రమే దొరికేది ఏదైనా దొరికిందా అన్నదే నా లెక్క. ఈ సమీక్షంతా ఆ లెక్క ప్రకారమే.

'పబ్లిక్ హిస్టరీ' అనే పేరుకు ఊపు వచ్చింది 1976లో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా ప్రాంగణంలో రాబర్ట్ కెల్లీ ఆ పేరుతో ఒక కోర్సు మొదలుపెట్టారు. చరిత్ర చదివినవారికి తరగతి గది బయట కూడా పని ఉందని ఆయన వాదన. ఇక్కడి హాల్లో ఆ మాటకు అర్థం ఇంకా సూటిగా ఉంటుంది: పరిశోధకులు తమలో తాము మాట్లాడుకునే భాషను గంటసేపు పక్కన పెట్టి, నాలాంటివాడికి అర్థమయ్యేలా చెప్పడం. అందరివల్లా కాదు. కొందరు ఆ గంటలో కూడా తమ సహోద్యోగులతోనే మాట్లాడుతుంటారు. మనం గోడలాగా మధ్యలో కూర్చుని ఉంటాం.

ఇన్నేళ్లలో నాకు అన్నిటికంటే బాగా గుర్తుండిపోయినది సిరా మీద జరిగిన కార్యక్రమం. వేదిక లేదు, స్లైడ్లు లేవు. హాలు మధ్యలో ఒక పొడవాటి బల్ల, దాని మీద స్పాంజి దిమ్మెలు, వాటి మీద సగం వరకే తెరిచిన ఒక పాత లెక్కల పుస్తకం. పేజీ లేవకుండా అంచున ఒక బరువు తాడు వాల్చారు. గుడ్డ గొట్టంలో సీసపు గుళ్లు పోసి కుట్టినది, చచ్చిన పాములా పడి ఉంది. లైట్లు సగం ఆర్పేశారు. రాతప్రతుల మీద పడే వెలుగు 50 లక్స్ (లక్స్ అంటే వెలుగును కొలిచే ప్రమాణం) దాటకుండా చూసుకుంటామని గ్రంథాలయంలో మరమ్మతు పనులు చూసే ఆవిడ చెప్పారు. కళ్లు ఆ మసకకు అలవాటు పడటానికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచారు.

వంగి చూస్తే కొన్ని చోట్ల అక్షరాలు లేవు. అక్షరాల ఆకారంలో కన్నాలున్నాయి. గుండ్రంగా చుట్టి రాసిన చోట, కలం రెండోసారి తిరిగిన చోట సిరా ఎక్కువ పడింది. అక్కడ కాగితం పొగాకులా నల్లబడి, చివరికి ఆ ముక్క ఊడి పడిపోయింది. కన్నంలోంచి కింది పేజీలోని అంకె కనిపిస్తోంది. ఓక్ చెట్ల కాయల్లాంటి బుడిపెల నుంచి తీసిన టానిన్ అనే వగరు పదార్థం, ఇనుప లవణం కలిపి యూరప్‌లో శతాబ్దాల పాటు సిరా చేసేవారు. అందులోని ఆమ్లమూ, మిగిలిపోయిన ఇనుమూ కలిసి కాగితాన్ని నెమ్మదిగా తినేస్తాయి. ఈ సంగతి ఎక్కడైనా చదువుకోవచ్చు. కానీ ఒకాయన వందల ఏళ్ల కిందట కూడికలు చేసి అడుగున గట్టిగా గీత గీశాడు. ఆ గీత వెంట కాగితం బ్లేడుతో కోసినట్టు చీలిపోయి ఉంది. కూడగా వచ్చిన మొత్తం ఒక ముక్కలో, కూడిన అంకెలు మరో ముక్కలో. అది చూశాక ఆమ్లం గురించి నాకు ఎవరూ మళ్లీ చెప్పనక్కర్లేకపోయింది.

చేతికి తొడుగులు లేవేమని ఎవరో అడిగారు. శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలని, గుడ్డ తొడుక్కుంటే వేలికి స్పర్శ తెలియక పేజీ చిరుగుతుందని ఆవిడ జవాబు. తర్వాత పక్కనే 1930ల నాటి వార్తాపత్రికల కట్ట పెట్టారు. మూడు వందల ఏళ్ల లెక్కల పుస్తకంలో సిరా లేని చోట కాగితం ఇంకా మెత్తగా, తెల్లగా ఉంది. పత్రికల కట్ట మాత్రం తాకితే బల్ల మీద పొట్టు రాలింది. మొదటిది గుడ్డపీలికల కాగితం. రెండోది చెక్క గుజ్జుతో చేసినది, 19వ శతాబ్దంలో కాగితాన్ని చౌక చేసిన రకం. ఆమ్లం దానిలోనే పుట్టి పెరుగుతుంది. పాతదంతా బలహీనం, కొత్తదంతా గట్టిది అనుకునే నా బుర్ర ఆ పొట్టు దగ్గర తలకిందులైంది. ఆ రోజు మూడో అంతస్తులో రెండు పుస్తకాలు తీయించుకున్నాను.

దీనికి పూర్తి విరుద్ధమైనది అదే నెలలో విన్నాను. విషయం గొప్పదే, వక్తకు పేరుంది. నలభై నిమిషాల ఆలస్యం, పరిచయానికి పదిహేను నిమిషాలు, ఆపైన 86 స్లైడ్లు. లెక్కపెట్టాను, వేరే పని లేక. ప్రతి స్లైడులోనూ పేరాలకు పేరాలు. ఆయన వాటిని మనకు వీపు పెట్టి చదివారు. 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ రాసిన ఐదు గ్రంథాలయ సూత్రాలను ఆ హాలు గోడ మీదే అందంగా రాసి పెట్టారు. నాలుగోది: పాఠకుడి సమయాన్ని ఆదా చేయండి. వక్త నెత్తి మీదే ఉంది ఆ వాక్యం. నేను గంటన్నర దాన్నే చదువుతూ కూర్చున్నాను.

బయటి నుంచి వచ్చే పెద్ద వక్తల కంటే లోపలివారు, అంటే లైబ్రేరియన్లు, బైండింగు చేసేవారు, భాండాగారం చూసేవారు మాట్లాడినప్పుడే నా టిక్కులు ఎక్కువ. నిర్వాహకులకు మాత్రం వారు గుర్తొచ్చేది వక్త రాలేనని చివరి నిమిషంలో కబురు పంపినప్పుడే. సిరా కార్యక్రమం కూడా అలా ఖాళీ పూరించడానికి పెట్టిందేనని తర్వాత తెలిసింది.

బయటివారిలో మినహాయింపు లూవెన్ గ్రంథాలయం గురించి మాట్లాడిన ఒక పరిశోధకురాలు. బెల్జియంలోని ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి 1914 ఆగస్టులో జర్మన్ సేనలు నిప్పు పెట్టాయి. దాదాపు 3 లక్షల సంపుటాలు పోయాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీతో కుదిరిన వెర్సాయ్ సంధిలో 247వ అధికరణం కింద, కాలిన వాటికి బదులు జర్మనీ పుస్తకాలు ఇవ్వాలని రాసుకున్నారు. 1928లో కొత్త భవనం తెరిచారు. 1940 మే నెలలో అదీ కాలింది. ఈసారి పోయినవి సుమారు 9 లక్షలు. ఇదంతా ఆవిడ పది నిమిషాల్లో చెప్పేసి, మన గ్రంథాలయం వాడటం మానేసిన పాత కార్డు కేటలాగు (ఒక్కో పుస్తకం వివరాలు ఒక్కో కార్డు మీద ఉండే జాబితా) నుంచి ఒక చెక్క సొరుగు తెప్పించారు. తలా ఒక కార్డు తీసుకోమన్నారు. "మీ చేతిలో ఉన్నది తప్ప ఆ పుస్తకం గురించి లోకంలో ఇంకేమీ మిగల్లేదనుకోండి. దాన్నిబట్టి ఆ పుస్తకం ఎలాంటిదో చెప్పండి" అన్నారు. నా కార్డులో ఒక వంతెనల నిర్మాణ గ్రంథం పేరు, పేజీల సంఖ్య, మూలన ఎవరో పెన్సిలుతో రాసిన 'బైండింగుకు పంపాలి' అన్న మాట. అంతే. పంపారో లేదో ఆ కార్డు చెప్పదు. చివరలో కార్డులన్నీ వెనక్కి తీసుకుని లెక్క చూస్తే ఒకటి తగ్గింది. హాలంతా వెతికారు. ఇంటికి వెళ్లి చూస్తే నా నోటుపుస్తకంలోనే ఉంది. మర్నాడు తీసుకెళ్లి ఇచ్చాను, ముఖం చెల్లక ఎక్కువ మాట్లాడలేదు.

ఇంకో సాయంత్రం ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయ కథ విన్నాం. 1645లో ఇంగ్లండ్ రాజు మొదటి ఛార్లెస్ ఒక పుస్తకం పంపమని అడిగితే, లైబ్రేరియన్ జాన్ రౌస్ నిబంధనల పత్రం చూపించి, ఇక్కడి నుంచి పుస్తకం బయటికి పోదని చెప్పాడు. రాజు ఒప్పుకున్నాడు. ఆ ఉత్సాహంలో నేను పైకెక్కి, అక్కడే చదువుకోవాల్సిన ఒక సంపుటాన్ని రెండు రోజులకు ఇంటికి ఇవ్వగలరా అని అడిగాను. కౌంటరులో ఉన్నాయన కూడా కింద వెనక వరుసలో నిలబడి వినే వచ్చారట. "రాజుకే ఇవ్వలేదు కదండీ" అన్నారు. అక్కడే కూర్చుని చదివాను. అదీ టిక్కే.

నా అసలు ఫిర్యాదు రికార్డింగుల గురించి. ప్రతిసారీ కెమెరా పెడతారు, మొదట్లోనే 'ఈ కార్యక్రమం రికార్డు అవుతోంది' అని హెచ్చరిస్తారు. అవి ఎక్కడికి వెళ్తాయో ఎవరికీ తెలియదు. ఉద్యోగ విరమణ చేసిన ఒక బైండరు గారిని కూర్చోబెట్టి తన పని గురించి చెప్పించిన కార్యక్రమం ఉంది. సూది ఏ వైపు నుంచి గుచ్చాలో, ఏ జిగురు పురుగును పిలుస్తుందో, పరీక్షల ముందు ఏ పుస్తకాల వీపులు ఊడొస్తాయో గంటసేపు చెప్పారు. చెప్తున్నంతసేపూ చేతులు గాలిలో కుడుతూనే ఉన్నాయి. ఆరు నెలల తర్వాత ఆ రికార్డింగు అడిగితే, హార్డ్ డిస్కు మార్చినప్పుడు పోయిందన్నారు. ఏ శీర్షిక కింద జరిగింది ఆ కార్యక్రమం? మౌఖిక చరిత్ర, అంటే మనుషులు నోటితో చెప్పిన జ్ఞాపకాలను రికార్డు చేసి దాచడం. 1948లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చరిత్రకారుడు అలన్ నెవిన్స్ మౌఖిక చరిత్ర కార్యాలయం మొదలుపెట్టారు. తొలి రోజుల్లో మాటలన్నీ కాగితం మీదికి ఎక్కించాక టేపులను చెరిపి మళ్లీ వాడుకునేవారట. గొంతులు పోయినా వారి దగ్గర కాగితమైనా మిగిలింది. మన దగ్గర ఆ రోజు మిగిలింది నా నోటుపుస్తకంలోని పేజీన్నర.

సాంస్కృతిక కార్యక్రమాల సంగతి కొంచెం మిశ్రమం. కవితా పఠనాలు ఆ హాలుకు బాగా సరిపోతాయి. చెక్క అరల మధ్య గొంతు మార్మోగదు, గుసగుస కూడా చివరి వరుస దాకా వస్తుంది. నాటకాన్ని వేషాలు లేకుండా కూర్చుని చదివిన రోజులు కూడా బాగున్నాయి. డప్పుల వాద్యగోష్ఠి మాత్రం పొరపాటు నిర్ణయం. పైన పరీక్షలకు చదువుకుంటున్న విద్యార్థులు ఒక్కొక్కరే మెట్లు దిగి వచ్చి, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. ప్రేక్షకులు పెరుగుతున్నారని నిర్వాహకులు మురిసిపోయారు.

మనుషుల్నే పుస్తకాలుగా అరువిచ్చే కార్యక్రమం ఒకటి ఏటా పెడతారు. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డె ఉత్సవంలో మొదలై దేశదేశాలకూ పాకిన పద్ధతి ఇది. అరగంట ఒక మనిషితో కూర్చుని ఏదైనా అడగవచ్చు. నాకు రెండుసార్లు నచ్చింది, ఒకసారి ఇబ్బందిగా తోచింది. ఎదుటి మనిషి తన కష్టాన్ని ఆ రోజుకు ఆరోసారి చెప్తున్నారని గొంతులోనే తెలిసిపోయింది. మనుషులకు మధ్యలో విరామం ఇవ్వాలి. పుస్తకాలకు అక్కర్లేదు.

కొత్తగా వెళ్లేవారికి కొన్ని సంగతులు. ఎడమ వైపు స్తంభం వెనక కూర్చోకండి, మైకు పని చేసినా అక్కడికి మాట సగమే చేరుతుంది. సభ్యత్వం లేకపోయినా రావచ్చు, కానీ పుస్తకం తీయాలంటే గుర్తింపు పత్రం కావాలి. బల్ల మీద వస్తువులు పెట్టే కార్యక్రమాలకు ముందుగా పేరు రాయించుకోవాలి, ముప్ఫై మందికి మించి రానివ్వరు. ఆ పరిమితి న్యాయమే. ప్రశ్నోత్తరాల్లో ప్రశ్న అడగకుండా సొంత ఉపన్యాసం ఇచ్చే పెద్దమనిషి ఒకరు ఎప్పుడూ ఉంటారు. మొదటి మూడేళ్లు ఆయనంటే చిరాకు. తర్వాత ఆయన రాని రోజు ఏదో వెలితిగా ఉండేది. ఆన్‌లైన్ ప్రసారం 2020 తర్వాత మొదలైంది. రాలేనివారికి ఉపయోగమే గానీ, కన్నాలు పడిన ఆ పేజీ తెర మీద మామూలు మరకలా కనిపిస్తుంది.

ఇక అన్నిటికంటే వింత ఏర్పాటు. చాలా రోజుల్లో ఉపన్యాసం ముగిసేది ఏడున్నరకు, మూడో అంతస్తు మూసేది ఏడింటికి. నా టిక్కుల్లో సగం, మధ్యలో లేచిపోతేనో వక్త తొందరగా ముగిస్తేనో వచ్చినవి. సలహాల పుస్తకంలో మూడుసార్లు రాశాను. మొదటి రెండింటికి 'పరిశీలిస్తాం' అని జవాబు. మూడోసారి జవాబే రాలేదు. కిందటి నెల పటాల మీద ఉపన్యాసం అయ్యాక, పై అంతస్తు ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుందని మైకులో చెప్పారు. నేనొక్కణ్నే వెళ్తాననుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే మెట్ల మీద పదకొండు మంది, ఆ పెద్దమనిషితో సహా. కౌంటరు దగ్గర పుస్తకాలు అడిగే చీటీలు అయిపోయాయి. ఆ రోజు 'రాజుకే ఇవ్వలేదు' అన్న కౌంటరు ఆయన సొరుగు వెతికి, పాత కేటలాగు కార్డులు ఒక కట్ట తీసి, వెనక వైపు రాయమని ఇచ్చారు.